“బాగుంది, చదవండి” అంటే సరిపోతుందా?

నవల చదివి పక్కన పెట్టినవాడికి ఒక పట్టాన ఊరుకోబుద్ధి కాదు. ఎవరో ఒకరి చేత చదివించాలి, ఆ తర్వాత వాళ్లతో కూర్చుని మాట్లాడాలి. ఇది మన తెలుగువాళ్లకు కొత్తగా అబ్బిన అలవాటేమీ కాదు. సీరియల్స్ వెలిగిన రోజుల్లో ఒక వారపత్రిక నాలుగిళ్లు తిరిగి గానీ కొన్నవాళ్లింటికి చేరేది కాదు. అద్దె పుస్తకాల షాపతను మన అభిరుచి కనిపెట్టి, మనం అడక్కుండానే ఒక పుస్తకం తీసి చేతిలో పెట్టేవాడు. అంతకు ముందు తరంలో గ్రంథాలయోద్యమం ఉండనే ఉంది. 1914లో బెజవాడలో గ్రంథాలయ మహాసభ జరిపి ఊరూరా పఠన మందిరాలు పెట్టించిన అయ్యంకి వెంకటరమణయ్యగారూ, 1935లో కాలువ మీద పడవలో పుస్తకాలు తిప్పిన పాతూరి నాగభూషణంగారూ చేసిన పని ఒక్కటే. పుస్తకాన్ని పాఠకుడి గుమ్మం దాకా తీసుకుపోయారు.

మా పెండిల్ హిల్‌లో ఆ పని చెయ్యడానికి షాపూ లేదు, పడవా లేదు. రైలు దిగి రెండడుగులు వేస్తే కరివేపాకు, మునక్కాడలు, ఇడ్లీ రవ్వ అన్నీ దొరుకుతాయి. తెలుగు నవల మాత్రం దొరకదు. ఇండియా వెళ్లినవాళ్లు విజయవాడ ఏలూరు రోడ్డులోనో, హైదరాబాదులోనో కొని, పచ్చళ్ల పక్కన సర్ది తేవలసిందే. సిడ్నీ విమానాశ్రయంలో ఆవకాయ సీసాను అటు తిప్పి ఇటు తిప్పి చూస్తారు గానీ పుస్తకాల జోలికి రారు. అదొక అదృష్టం. అయితే సూట్‌కేసు బరువు అందరికీ ఒకటే. నాలుగు నవలలు పెట్టుకుంటే రెండు కిలోల కందిపప్పు వదులుకోవాలి. అందుకని ఇక్కడ ఒకరు “ఫలానా నవల చదవండి” అన్నారంటే ఆ మాటకు విలువెక్కువ. ఆ మాట నమ్మి ఒకరు బరువు మోస్తారు, నాలుగు వారాంతాలు ఖర్చు పెడతారు. అంత విలువైన మాటను మనం ఎలా వాడుతున్నామన్నదే ఈ వ్యాసంలో నా ప్రశ్న.

నేను గమనించినంతలో మన సిఫార్సులు మూడు రకాలు. మొదటిది జ్ఞాపకం కొద్దీ చేసేది. “మా అమ్మ మజ్జిగ చిలుకుతూ యద్దనపూడి ‘సెక్రటరీ’ చదివేది, మీరూ చదవండి.” ఇందులో తప్పేమీ లేదు. కాకపోతే ఆ మాటలో అమ్మ కనిపిస్తుంది గానీ నవల కనిపించదు. రెండోది గౌరవం కొద్దీ చేసేది. 1934లో అడివి బాపిరాజుగారి ‘నారాయణరావు’తో కలిసి ఆంధ్ర విశ్వకళా పరిషత్తు బహుమతి పంచుకున్న ‘వేయిపడగలు’ పేరు చెప్పనివాడు తెలుగువాడు కాడు. పి.వి. నరసింహారావుగారు దాన్ని ‘సహస్రఫణ్’ పేరుతో హిందీలోకి తెచ్చారని కూడా చెబుతాం. “మీరు ఎక్కడి దాకా చదివారు?” అని అడిగితే మాత్రం కాఫీ గుర్తొస్తుంది. మూడోది మొహమాటం కొద్దీ చేసేది. మనలో ఒకరు రాశారు, ఆవిష్కరణ జరిగింది, శాలువా కప్పాం, సంతకం చేసి చేతికిచ్చారు. ఇక బాగా లేదని ఎలా అంటాం?

ఈ మూడింటిలోనూ లేనిది ఒకటుంది. ఆ నవల చదివిన మనిషికి ఏమైంది అన్న సంగతి. ఎక్కడ ఒప్పుకున్నాడు, ఎక్కడ చిరాకు పడ్డాడు, ఎక్కడ పుస్తకం మూసేసి కాసేపు అలా కూర్చున్నాడు? ఇవి చెప్పకుండా “బాగుంది, చదవండి” అంటే విన్నవాడు “అలాగేనండీ” అంటాడు. అక్కడితో ఆ పుస్తకం కథ ముగుస్తుంది.

మనం ఎందుకలా పొడిపొడిగా తేల్చేస్తాం? పరాయి దేశంలో మనకు ఒకరితో ఒకరికి అవసరం ఎక్కువ. తెల్లవారుజామున విమానాశ్రయానికి దింపాలన్నా, ఆసుపత్రిలో ఉన్నప్పుడు పిల్లల్ని చూసుకోవాలన్నా, బతుకమ్మకి పువ్వులు తేవాలన్నా, వినాయకచవితికి పత్రి వెతకాలన్నా ఈ నాలుగిళ్లే దిక్కు. సొంత ఊళ్లో ఒకడితో పోట్లాడితే ఇంకొకడున్నాడు. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. కాబట్టి కులం, రాజకీయం, ఆడపిల్లల పెళ్లిళ్లు, ముసలి తల్లిదండ్రులు వంటి సంగతులు వస్తే మాట మార్చేస్తాం. అలా మాట మార్చడం అలవాటై నవలల దగ్గర కూడా మార్చేస్తున్నాం. నిజానికి ఎవరి మనసూ నొప్పించకుండా ఇవన్నీ మాట్లాడుకోవడానికి నవలకు మించిన చోటు లేదని నా నమ్మకం. పక్కింటివాళ్ల అమ్మాయి గురించి మాట్లాడితే చాడీ అవుతుంది. ఇందిర గురించి మాట్లాడితే విమర్శ అవుతుంది.

ఇందిర అంటే డాక్టర్ పి. శ్రీదేవిగారి ‘కాలాతీత వ్యక్తులు’లో ఇందిర. 1957లో ‘తెలుగు స్వతంత్ర’లో సీరియల్‌గా వచ్చిన ఈ నవల మా నాలుగైదు కుటుంబాల మధ్య చేతులు మారినంతగా ఇంకేదీ మారలేదు. శ్రీదేవిగారు రాసిన నవల ఇదొక్కటే. 1961లోనే, చిన్న వయసులో పోయారు. 1963లో వచ్చిన ‘చదువుకున్న అమ్మాయిలు’ సినిమాకి మూలం ఇదేనని చెబితే చాలామంది ఆశ్చర్యపోతారు. విశాఖపట్నంలో ఉద్యోగం చేసుకుంటూ, సంపాదన లేని తండ్రిని పోషించే పిల్ల ఇందిర. మేడ మీద గదిలో అద్దెకుండే వైద్య విద్యార్థి ప్రకాశం ఆమెకు దగ్గరై, చివరికి మేనమామ మాట దాటలేక జారిపోతాడు. ఇందిర ఏడుస్తూ కూర్చోదు. తన దారి తను చూసుకుంటుంది.

ఈ నవల చదివిన ఇద్దరు ఒకేలా మాట్లాడగా నేను వినలేదు. “ఆ పిల్లకి స్వార్థం ఎక్కువండీ, పక్కన కల్యాణి ఎంత నలిగిపోయిందో చూడండి” అన్నారు ఒక పెద్దావిడ. “అత్తయ్యగారూ, మొదటి తారీకున జీతం రాగానే తండ్రి చేతిలో పెట్టే పిల్లకి స్వార్థం అంటగడితే ఎలాగండీ?” అని ఆమె కోడలే అడిగింది. ఆ గదిలో ఉన్న మాలో చాలామంది నెలనెలా ఇంటికి డబ్బు పంపేవాళ్లమే. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మాట ప్రకాశం మీదకు మళ్లింది. మంచివాడే, చదువుకున్నవాడే, ఎవరికీ చెడు తలపెట్టడు. అయినా పెద్దవాళ్ల ముందు నోరు పెగలక ఒక ఆడపిల్లని నట్టేట వదిలేశాడు. ఇలాంటి మెత్తని మనిషి చేసే హాని ఎంతటిదో శ్రీదేవిగారు చూపించినట్టు చూపించినవాళ్లు తక్కువ. ఆమె ఎవరినీ దుర్మార్గుడిగా నిలబెట్టరు. అందుకే పాఠకులు తలో పక్షం తీసుకోగలుగుతారు. నవలలో తీర్పు చెప్పెయ్యకుండా మనకు వదిలిన చోటే చర్చ పుడుతుంది. ఆ మధ్యాహ్నం అత్తాకోడళ్లు ఇందిర పేరు మీద ఒకరితో ఒకరు చెప్పుకున్నవి మామూలుగా వంటింట్లో చెప్పుకోగలిగినవి కావు.

దీనికి భిన్నంగా, అందరం ఒక్క మాట మీద ఉండి నష్టపోయిన నవల ‘బారిస్టర్ పార్వతీశం’. ప్రవాసులకు మొక్కపాటి నరసింహశాస్త్రిగారి ఈ నవలను మించిన సిఫార్సు లేదు. మొగల్తూరు కుర్రాడు పెద్ద టోపీ పెట్టుకుని ఓడెక్కి సీమకు బయల్దేరడం మన అందరి కథే. తొలిసారి విదేశీ విమానాశ్రయంలో మనం పడ్డ తిప్పలు గుర్తొచ్చి పగలబడి నవ్వుతాం. కానీ నవల మూడు భాగాలు. 1924లో వచ్చిన మొదటి భాగం దగ్గరే మన చర్చ ఆగిపోతుంది. పార్వతీశం తిరిగొస్తాడు. బారిస్టరు వృత్తి చేస్తాడు, స్వాతంత్ర్యోద్యమంలోకి వెళ్తాడు. వెళ్లినవాడు ఏం నేర్చుకున్నాడు, వచ్చినవాడు దాన్నేం చేసుకున్నాడు అనే ప్రశ్నలు ఆ తర్వాతి భాగాల్లో ఉన్నాయి. తిరిగి వెళ్లడమన్న మాట మనలో ఎవరికీ అంత తేలిగ్గా నవ్వుకునే మాట కాదు. అందుకే కాబోలు, హాస్య నవల అని ఒక చీటీ అంటించి అటకెక్కించాం. ఎవరికైనా ఈ పుస్తకం చెబితే, దయచేసి మూడు భాగాలూ కలిపి చెప్పండి.

ఇక అసలు కష్టమైన పుస్తకం దగ్గరకొస్తాను. 2000లో వచ్చిన జి. కళ్యాణరావుగారి ‘అంటరాని వసంతం’ చదవమని చెబితే మా పేటలోనే కాదు, ఎక్కడైనా కొంత నిశ్శబ్దం వస్తుంది. రూతు జ్ఞాపకాల్లోంచి నడిచే ఈ నవలలో ఎన్నెల దిన్నె ఎల్లన్న పాట దగ్గర్నుంచి కొన్ని తరాల దళిత కుటుంబ చరిత్ర ఉంది. కరువు, వలస, మతం మారడం, మారినా వెంట వచ్చే అంటరానితనం ఉన్నాయి. “ఇంత దూరం వచ్చాక ఇవన్నీ ఎందుకండీ” అన్నారొక మిత్రులు, మర్యాదగానే. ఆ ప్రశ్నను నేను కొట్టిపారెయ్యను. దానికి జవాబు నవలలోనే ఉందంటాను. ఎల్లన్న కుటుంబం ఊరు దాటింది, దేవుణ్ణి దాటింది. పేర్లు శివయ్య నుంచి సీమోను దాకా మారాయి. కులం వాళ్లను వదల్లేదు. మనం సముద్రం దాటాం. ఇక్కడ పెళ్లి సంబంధాల మాటొచ్చినప్పుడు మొదట అడిగే ప్రశ్న ఏమిటో మనకందరికీ తెలుసు.

అయితే ఈ నవలను కేవలం కర్తవ్యంలా సిఫార్సు చెయ్యడం కూడా దానికి అన్యాయమే. “ఇది చదవకపోతే మీకు సామాజిక స్పృహ లేనట్టు” అని బెదిరిస్తే ఎవరు చదువుతారు? ఆ పుస్తకంలో వీధి భాగోతం ఉంది, ఉరుముల చప్పుడు ఉంది, ఒక కళ ఎవరి చేతుల్లో పుట్టిందో, ఎవరి పేరున చెలామణీ అయిందో లెక్క తేల్చే కోపం ఉంది. కూచిపూడి నేర్చుకునే పిల్లలున్న ఇళ్లు మా చుట్టుపక్కల ఎన్నో. ఆట ఎవరిది, పాట ఎవరిది అని ఈ నవల అడిగే ప్రశ్న ఆ తల్లిదండ్రులకు నేరుగా తగులుతుంది. నేను అక్కడి నుంచే మొదలుపెట్టి చెబుతాను. తెలుగు చదవలేని పిల్లల కోసం ఆల్లాడి ఉమ, ఎం. శ్రీధర్ గార్ల ఇంగ్లీషు అనువాదం ‘అన్‌టచబుల్ స్ప్రింగ్’ 2010లో వచ్చింది. అమ్మ తెలుగులోనూ కూతురు ఇంగ్లీషులోనూ ఒకే నవల చదివి మాట్లాడుకునే వీలున్న పుస్తకాలు మనకు ఎన్నున్నాయి గనక?

ఇదే వరసలో చంద్రలతగారి ‘రేగడి విత్తులు’ కూడా చెప్పుకోవాలి. 1997లో తానా బహుమతి పొందిన ఈ నవల, కోస్తా నుంచి తెలంగాణకు తరలివెళ్లిన రైతుల కథ. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తర్వాత దీన్ని ఒకే బల్ల దగ్గర కూర్చుని రెండు రాష్ట్రాలవాళ్లూ చదివితే రెండు నవలలు కనిపిస్తాయి. ఒకరికి చెమటోడ్చి నేలను పండించిన వలస రైతు కనిపిస్తాడు. ఇంకొకరికి ఆ నేల అంతకు ముందు ఎవరిది అన్న ప్రశ్న కనిపిస్తుంది. వచ్చి స్థిరపడ్డవాళ్లం గనక, ఈ దేశపు ఆదివాసుల నేల మీద ఇళ్లు కట్టుకున్నవాళ్లం గనక, ఆ రెండు ప్రశ్నలూ మనవే.

కలిసి చదవడం ఎలాగో చూపించినవాళ్లు ప్రవాసంలో లేకపోలేదు. అమెరికాలో 1998లో మొదలైన డిట్రాయిట్ తెలుగు సాహితీ సమితి పద్ధతి నాకు నచ్చుతుంది. ముందే ఒక పుస్తకం అనుకుంటారు, చదివొస్తారు, దాని గురించే మాట్లాడతారు. ఆ చర్చల్లోంచి పుట్టిన వ్యాసాలు అచ్చులోకీ వచ్చాయి. అంత పెద్ద ఏర్పాటు లేకపోయినా నలుగురు చాలు. ఒకే ప్రతి ఉంటే చేతులు మార్చుకోవచ్చు. వేరే ఊళ్లో ఉన్న స్నేహితులను ఫోనులో కలుపుకోవచ్చు.

నా మటుకు నేను పెట్టుకున్న నియమాలు మూడు. చివరి దాకా చదవని పుస్తకాన్ని సిఫార్సు చెయ్యను. చేసేటప్పుడు అందులో నాకు మింగుడుపడని సంగతి ఒకటైనా చెబుతాను. ఫలానా పుస్తకం ఫలానా మనిషికే ఎందుకు చెబుతున్నానో ఒక్క వాక్యంలో చెబుతాను. మన మిత్రులు రాసిన పుస్తకాలకు కూడా ఇవే వర్తించాలి. శాలువా కప్పినవాళ్లమే, చదివి నాలుగు నిజాలు చెబితే రచయితకు అంతకంటే సత్కారం ఉండదు.

ఈ వేసవి సెలవుల్లో ఇండియా వెళ్లేవారికి నా తరఫున ఒక మనవి. సూట్‌కేసులో చోటుంటే ‘కాలాతీత వ్యక్తులు’ రెండు ప్రతులు తీసుకురండి. ఒకటి మీకు, ఒకటి మీతో ఎప్పుడూ ఏకీభవించని మీ ఇంటి మనిషికి.