పురిటిగడప - అభ్యుదయ విమర్శ

బాలింత పథ్యానికీ సాహిత్య విమర్శకూ సంబంధమేమిటని కొందరు మిత్రులు అడగవచ్చు. నలభై ఏళ్ళ కిందట నేను కూడా ఆ ప్రశ్న వేసినవాణ్ణే. ఆనాడు నేను వేసింది తప్పు ప్రశ్న అని ఒప్పుకోవటానికే ఈ వ్యాసం రాస్తున్నాను.

1983లో ఒక కథల పోటీకి వచ్చిన రచనలను పరిశీలించే పని నా మీద పడింది. వాటిలో ఒక కొత్త రచయిత్రి కథ ఉంది. ఒక మోతుబరి ఇంట్లో కూతురు పురిటికి వచ్చింది. మంత్రసాని రోజూ వచ్చి ఆమెకు నూనె పట్టించి, కాగిన నీళ్ళు నడుం మీద పోసి, పొట్టకు గుడ్డ కట్టి, సాంబ్రాణి పొగ వేసి వెళుతుంది. పన్నెండో రోజున ఆ మంత్రసాని కోడలు దొడ్డిగుమ్మం దగ్గర నిలబడి అత్తను పిలుస్తుంది. ఆమెకూ అదే వారంలో కాన్పయింది. కలుపు తియ్యటానికి పోతూ, బిడ్డను కాస్త చూడమని చెప్పటానికి వచ్చింది. పాలతో రవిక తడిసి ఉంది. లోపల నీళ్ళు పోయించుకుంటున్న ఇల్లాలు ఆ గొంతు వింటుంది. కథ అక్కడితో అయిపోతుంది.

ఆ కాగితాల చివర నేను రాసిన మాటలు నాకింకా గుర్తున్నాయి: "వంటింటి విషయం. మూఢాచార వర్ణన. సామాజిక ప్రయోజనం లేదు." కథ తిరిగి వెళ్ళిపోయింది. ఆ పేరుతో మరో కథ నాకు ఎక్కడా కనిపించలేదు. పుస్తకాలలో వర్గ దృష్టిని గురించి చదువుకున్న నాకు, ఆ దృష్టి నా చేతుల్లోకే వచ్చినప్పుడు గుర్తుపట్టటం చేతకాలేదు.

నా పొరపాటు నా ఒక్కడిదే అయితే ఇంతగా చెప్పనక్కరలేదు. ఆచారం అనగానే దాన్ని మూఢనమ్మకాల పద్దులో జమకట్టి పక్కన పెట్టటం మన విమర్శలో చాలాకాలం సాగింది. ఇప్పుడు దానికి సరిగా ఎదురుగా మరో ధోరణి బయలుదేరింది. పాతదంతా పూర్వుల విజ్ఞానమేనని, శొంఠికొమ్ములో సర్వశాస్త్రాలూ ఉన్నాయని చెప్పే ధోరణి అది. పైకి ఈ రెండూ వ్యతిరేకంగా కనిపిస్తాయి. కాని రెండింటిలోనూ ఒకే లోపం ఉంది. ఆచారాన్ని అవి మనుషుల నుంచి విడదీసి చూస్తాయి. ఎవరు చేస్తున్నారు, ఎవరికి చేస్తున్నారు, ఎవరికి చెయ్యటంలేదు అన్న ప్రశ్నలు రెండింటికీ అవసరంలేదు.

మొదట ఆచారాన్నే పరిశీలిద్దాం. మన పల్లెల్లో బాలింతది "పచ్చి ఒళ్ళు" అంటారు. చలిగాలి తగలకుండా తలకు గుడ్డ కడతారు, చెవుల్లో దూది పెడతారు. శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు, వాము దంచి, బెల్లం, నెయ్యి కలిపి కాయం చేసి పెడతారు. పాత బియ్యపు అన్నంలో వెల్లుల్లి కారం వేస్తారు. వీటిలో కొన్నింటికి మూలాలు చాలా పాతవి. బాలింత పొట్టకు నూనె రాసి వెడల్పయిన గుడ్డతో చుట్టాలని, పిప్పలి, శొంఠి వంటివి కలిపిన నెయ్యి తాగించాలని చరకసంహిత శారీరస్థానంలో ఉంది. నొప్పులతో నలిగిన ఒంటికి వేడినీళ్ళు, మర్దన, మరొకరు వండిపెట్టిన తిండి, పని నుంచి విడుదల - వీటి విలువను కాదనటం హేతువాదం కాదు.

అయితే ఇవే చేతులు ముర్రుపాలు పిండి పారబోయించాయి. బిడ్డ నోట్లో ఆముదమో, తేనో, పంచదార నీళ్ళో పోశాయి. దాహంతో అలమటించే బాలింతకు, పొట్ట పెరుగుతుందని, ఒళ్ళు నీరు పడుతుందని మంచినీళ్ళు ఇవ్వలేదు. గాలి ఆడని గదిలో పొగబెట్టి పసిగుడ్డు ఊపిరితిత్తులను ఇబ్బంది పెట్టాయి. ముర్రుపాలు బిడ్డకు రోగాన్ని ఎదుర్కొనే శక్తి ఇస్తాయని, పుట్టిన గంటలోపల తల్లిపాలు పట్టాలని, పాలిచ్చే తల్లికి నీళ్ళు మామూలుకన్న ఎక్కువ కావాలని వైద్యశాస్త్రం స్పష్టంగా చెబుతున్నది. ఇక్కడ రాజీకి తావులేదు. వారసత్వం పేరుతో వీటిని సమర్థించేవాడు తల్లికీ బిడ్డకూ శత్రువే.

కాని మంచిచెడ్డలు జల్లెడపట్టటంతో రచయిత పని పూర్తికాదు. ఆ పని వైద్యుడు మనకన్న బాగా చేస్తాడు. రచయిత చూడవలసింది ఆచారం లోపల దాగిన శ్రమసంబంధాన్ని. బాలింతను ముట్టుకుంటే మైల అన్నారు. ఆ మైలే ఆమెను కొన్నాళ్ళపాటు పొయ్యి దగ్గరికి, బావి దగ్గరికి పోనివ్వలేదు. అవమానమూ విశ్రాంతీ ఒకే చాపమీద పరిచిన వ్యవస్థ అది. స్త్రీకి విశ్రాంతి హక్కుగా దొరకని సమాజంలో అది అంటు రూపంలో దొరికింది! మరి ఆ మైలను కడిగినదెవరు? మంత్రసాని, చాకలి. లోపలి గదిలో బిడ్డను భూమ్మీదికి తెచ్చిన చెయ్యి, ఆ తరవాత అదే ఇంటి నడవలో అడుగుపెట్టటానికి పనికిరాలేదు. ఆ చేతికి దక్కింది కుంచెడు గింజలు, ఒక పాతచీర.

చాలాచోట్ల ఇరవయ్యొకటో రోజున బాలింత చేత బావికి పసుపు కుంకుమలు పెట్టించి చేద వేయిస్తారు. దీన్ని గంగపూజ అని, మంగళకార్యమని వర్ణించిన రచనలు చదివాం. ఆ తంతు అర్థమేమిటో ఆలోచించామా? విశ్రాంతి ముగిసిందని, ఈ మనిషి తిరిగి నీళ్ళు తోడటానికి సిద్ధంగా ఉన్నదని ఊరికి చేసే ప్రకటన అది. పనిలోకి తిరిగి రావటాన్నే పండగ చేశారు. కూలిమనిషికి ఆ పండగ కూడా లేదు. ఆమె చేద ఎప్పుడో వేసింది.

మన సాహిత్యంలో ఈ వస్తువు లేకపోలేదు. కృష్ణశ్రీ సంకలనం చేసిన "స్త్రీల రామాయణపు పాటలు" 1955లో వెలువడింది. ఈ సంప్రదాయపు పాటల్లో కౌసల్య పురిటినొప్పులు పడే మామూలు ఆడమనిషి. కావ్యాలు పుత్రోదయాన్ని చెబితే, ఈ పాటలు కన్నతల్లి ఒంటిని చెప్పాయి. వీటిమీద వెల్చేరు నారాయణరావు 1991లో ఇంగ్లీషులో ప్రచురించిన వ్యాసంలో, బ్రాహ్మణ స్త్రీల పాటలకూ తక్కిన కులాల స్త్రీల పాటలకూ వస్తువులో ఉన్న భేదాన్ని చూపించారు. పాటలో కూడా పురిటిగది అందరికీ ఒకటి కాదన్నమాట.

అభ్యుదయోద్యమానికి దగ్గరగా పనిచేసిన డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ "ప్రసూతి - శిశుపోషణ" రాసి ఈ శాస్త్రాన్ని తెలుగు తల్లుల ముందు పెట్టింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల అనుభవాలతో 1986లో వచ్చిన "మనకు తెలియని మన చరిత్ర"లో, అడవిలో కని, దళం భద్రత కోసం బిడ్డను వదులుకోవలసి వచ్చిన తల్లి గొంతు వినిపించింది. కొండేపూడి నిర్మల "లేబర్ రూమ్"తో కాన్పుగది కవితావస్తువయింది. ఇవన్నీ విలువైనవే. అయినా కాన్పు తరవాతి నలభై రోజులు మన కథానికలో అరుదుగానే కనిపిస్తాయి. బిడ్డ ఏడుపు వినిపించగానే మన కథకుడు గది బయటికి వచ్చేస్తాడు.

ఇప్పుడు పరిస్థితులు మారాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 97 కాన్పులు, ఆంధ్రప్రదేశ్‌లో 96కు పైగా ఆసుపత్రుల్లో జరిగాయి. మంత్రసాని వృత్తి దాదాపు ముగిసింది. తెలంగాణలో నూటికి 60.7, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 కాన్పులు ఆపరేషన్లే. పొట్టకోత పడిన తల్లికి విశ్రాంతి ఇంకా ఎక్కువ కావాలి. అది ఎవరికి దొరుకుతున్నది? 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టాన్ని 2017లో సవరించి సెలవును 26 వారాలకు పెంచారు. అది సంస్థల్లో ఉద్యోగం చేసే కొద్దిమందికి. వరినాట్ల కూలీకి, ఇళ్ళలో అంట్లు తోమే మనిషికి, తట్ట మోసే మనిషికి ఆ సెలవు గడప ఎత్తుగానే ఉంది. మరోపక్క కాయం పొడి అందమైన సీసాల్లోకెక్కి అంగట్లో అమ్ముడవుతున్నది. శొంఠి దొరుకుతుంది, విశ్రాంతి దొరకదు.

నేను తిప్పిపంపిన కథలో ఈ సంగతంతా ఉంది. ఒక గుమ్మానికి ఇటూ అటూ ఇద్దరు బాలింతలను నిలబెట్టి, ఆ రచయిత్రి ఒక్క ఉపన్యాసం కూడా లేకుండా చెప్పింది. నేను కథలో ఎర్రజెండా కోసం వెతికాను. తడిసిన రవికను చూడలేదు.

యువరచయితలకు, సాహిత్య విద్యార్థులకు నా మనవి ఒకటే. పురిటిగదిని గురించి రాసేటప్పుడు దాన్ని వెక్కిరించవద్దు, హారతీ పట్టవద్దు. నీళ్ళు కాచినదెవరో, పోసినదెవరో, ఆ నీళ్ళు అందనిదెవరో చూడండి. విమర్శకులకు చెప్పవలసింది ఇంకా చిన్నమాట. ఏ కథనైనా "వంటింటి విషయం" అని పక్కన పెట్టేముందు, దాని దొడ్డిగుమ్మం దగ్గర ఎవరైనా నిలబడి ఉన్నారేమో ఒకసారి చూడండి. నేను చూడలేదు. ఆ తప్పుకు ఒక రచయిత్రిని పోగొట్టుకున్నాం.