మూత బిగించే ముందు

ఇంట్లో బీరు కాచుకోవడం కొత్తగా మొదలుపెట్టినవాళ్ల శ్రద్ధంతా మొదటి రోజు మీదే ఉంటుంది. ఏ మాల్ట్ కొనాలి, ఏ హాప్స్ వెయ్యాలి, ఎంతసేపు మరిగించాలి అని వారాల తరబడి చదువుతారు, తెలిసినవాళ్లను అడుగుతారు. రెండు మూడు వారాలయ్యాక ఆ బీరును సీసాల్లోకి పట్టే సమయానికి ఓపిక అయిపోతుంది. ఎలాగోలా నింపేసి, మూతలు బిగించేసి, ఎప్పుడు తాగుదామా అని ఎదురుచూస్తారు. ఈ వరస తలకిందులుగా ఉందని నా అభిప్రాయం. కాచే రోజు హాప్స్ కాస్త అటూఇటూ అయితే రుచి కొంచెం మారుతుంది, అయినా బీరు తాగడానికి పనికొస్తుంది. సీసాల రోజు లెక్క తప్పితే బీరైనా చప్పబడుతుంది, గాజైనా పగులుతుంది. అందుకే ఈ విద్యలో అడుగుపెట్టేవాళ్లు అన్నిటికన్నా ముందు కొలవడం నేర్చుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఇది ఎక్కడివాళ్ల సంగతో ముందే చెప్పాలి. ఆంధ్రప్రదేశ్‌లో గానీ తెలంగాణలో గానీ లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు తయారుచేస్తే ఎక్సైజ్ చట్టం కింద నేరం. నేను మాట్లాడుతున్నది అనుమతి ఉన్న దేశాల గురించి. బ్రిటన్‌లో లైసెన్సు నిబంధనను 1963లోనే ఎత్తేశారు. అమెరికాలో 1978లో జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టంతో ఇంటి బీరుకు ఫెడరల్ పన్ను మినహాయింపు వచ్చింది. పెద్దవాళ్లు ఒక్కరే ఉన్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు గానీ అంతకన్నా ఎక్కువమంది గానీ ఉంటే 200 గ్యాలన్లు పరిమితి. రాష్ట్రాల్లో అందరికన్నా చివర ఒప్పుకున్నవి మిసిసిపీ, అలబామా, అది 2013లో. అక్కడ స్థిరపడిన మనవాళ్లలో ఈ సరదా ఉన్నవాళ్లకు ఇప్పుడు చట్టంతో పేచీ లేదు. గ్యాస్ లెక్కతోనే పని.

ఆ లెక్క నిజానికి చాలా సూటిగా ఉంటుంది. ఈస్ట్ మాల్ట్‌లోని చక్కెరను తిని ఆల్కహాల్‌నూ కార్బన్ డయాక్సైడ్‌నూ వదులుతుంది. పులుస్తున్నంతకాలం ఆ గ్యాస్ పాత్ర మూతకు అమర్చిన, గాలిని లోపలికి రానివ్వని ఎయిర్‌లాక్ గుండా బయటికి పోతుంది. 20 డిగ్రీల వేడిలో పులిసిన బీరులో చివరికి మిగిలేది బీరు పరిమాణానికి 0.85 రెట్ల గ్యాస్ మాత్రమే. ఇంగ్లిష్ ఏల్ రకం బీరుకు 1.5 నుంచి 2 రెట్లు, అమెరికన్ ఏల్‌కు 2.2 నుంచి 2.7 రెట్లు, జర్మన్ గోధుమ బీరుకు 3.3 పైన కావాలి. ఈ లోటు పూడ్చడానికే ప్రైమింగ్. సీసాల్లోకి పట్టే ముందు కొద్దిగా చక్కెర కలిపి మూత బిగిస్తే, బీరులో ఇంకా తేలుతున్న ఈస్ట్ దాన్ని తింటుంది. పుట్టిన గ్యాస్‌కు బయటికి దారి ఉండదు కాబట్టి బీరులోనే కరుగుతుంది. ఒక గ్రాము పంచదార నుంచి దాదాపు అర గ్రాము గ్యాస్ వస్తుంది. లీటరు బీరులో ఒక రెట్టు గ్యాస్ అంటే రమారమి రెండు గ్రాములు. కాబట్టి 0.85 నుంచి 2.4 రెట్లకు చేరాలంటే లీటరుకు మూడు గ్రాముల గ్యాస్, అంటే ఆరు గ్రాముల పంచదార కావాలి. మామూలుగా ఒక విడతలో కాచే 19 లీటర్లకు, అంటే 5 గ్యాలన్లకు, దాదాపు 115 గ్రాములు సరిపోతుంది. దుకాణాల్లో దొరికే డెక్స్‌ట్రోజ్‌లో కొంత నీరు కలిసి ఉంటుంది కాబట్టి అదైతే 130 గ్రాములు వెయ్యాలి.

సీసాకో చెంచా వేసుకుంటే పోదా అని చాలామంది అడుగుతారు. 355 మిల్లీలీటర్ల సీసాలు 19 లీటర్లకు 53 అవుతాయి. ఒక్కో సీసాకు రావలసిన పంచదార రెండు గ్రాముల చిల్లర, అంటే టీ చెంచాలో సగం. చెంచా నిండా వేస్తే నాలుగు గ్రాములు. ఆ సీసాలో గ్యాస్ నాలుగు రెట్లకు చేరువవుతుంది. పావు చెంచా తేడా వస్తే లెక్కలో సగం తప్పినట్టే. 53 సార్లు అదే ఖచ్చితత్వం ఏ చేతికీ సాధ్యం కాదు. అందుకే పంచదార మొత్తాన్నీ ఒకేసారి తూచి, అర లీటరు నీళ్లలో అయిదు నిమిషాలు మరిగించి, చల్లార్చి, శుభ్రం చేసిన బకెట్టు అడుగున పోసుకోవాలి. ఆపైన సైఫన్ గొట్టం చివరను బకెట్టు గోడ వెంబడి వంచి పెట్టి బీరును నెమ్మదిగా వదలాలి. బీరు గుండ్రంగా తిరుగుతూ పాకాన్ని తనలో కలుపుకుంటుంది. గరిటతో గిలకొట్టకూడదు. పులిసిన బీరులోకి గాలి చేరితే కొన్ని వారాల్లో తడిసిన అట్టముక్క రుచి వస్తుంది. నింపే గొట్టానికి కొసన స్ప్రింగు మూత ఉన్నదైతే దాన్ని సీసా అడుక్కి ఆనించి అంచుదాకా నింపొచ్చు. గొట్టం పైకి తీయగానే బీరు అంగుళం దిగుతుంది. మెడలో ఉండాల్సిన ఖాళీ అదే.

ఇంతవరకూ అందరూ ఎంతో కొంత పాటిస్తారు. అసలు ప్రమాదం ఉన్నది మనం వేసే పంచదారలో కాదు, బీరులో అప్పటికే మిగిలిపోయిన చక్కెరలో. 115 గ్రాముల లెక్క నిలబడాలంటే ఈస్ట్ ముందు పెట్టిన తిండిని పూర్తిగా ముగించి ఉండాలి. అది బీరు సాంద్రతను కొలిచే హైడ్రోమీటర్‌తో తప్ప తెలియదు. 1.010 దగ్గర ఆగవలసిన బీరును తొందరపడి 1.014 దగ్గరే సీసాల్లో పోశారనుకుందాం. హైడ్రోమీటర్ మీద ఒక్కో గీతకు దాదాపు అర రెట్టు గ్యాస్ పుడుతుంది. నాలుగు గీతలకు రెండు రెట్లు. మనం కోరుకున్న 2.4 కాస్తా 4.4 అవుతుంది. గది వేడిలో 2.4 రెట్లంటే సీసాలో చదరపు అంగుళానికి 26 పౌండ్ల ఒత్తిడి, కారు టైరులో పట్టే గాలికన్నా కాస్త తక్కువ. 4.4 రెట్లంటే 60 పౌండ్లు, టైరుకు దాదాపు రెట్టింపు. మామూలు బీరు సీసాకు మూడు రెట్ల గ్యాస్‌ను మించనివ్వకపోవడం మంచిదన్నది ఈ పని చేసేవాళ్లు సాధారణంగా పాటించే హద్దు. అంచున చిన్న పెచ్చు లేచినా, గీత పడినా సీసా బలం ఇంకా తగ్గుతుంది. పగిలిన సీసా ముక్కలు గదంతా ఎగురుతాయి. రెండు మూడు రోజుల ఎడంలో తీసిన కొలతలు ఒకే అంకె చూపించాకే చక్కెర తూచాలన్న నియమం అందుకే పుట్టింది.

ఎయిర్‌లాక్‌లో బుడగలు ఆగిపోయాయి కదా, ఇంకా కొలవడం దేనికి అంటారు. పులిసే పాత్ర మూత సరిగ్గా పట్టకపోతే గ్యాస్ పక్కనుంచి పోతుంది, లోపల పులుస్తూనే ఉన్నా బుడగ కనిపించదు. గది వేడెక్కితే పులియడం అయిపోయిన బీరులోంచి కూడా కరిగిన గ్యాస్ బయటికొచ్చి బుడగలు లేస్తాయి. అంచేత బుడగ ఉన్నా, లేకపోయినా అది సాక్ష్యం కాదు. మన పెద్దవాళ్లకు ఏ హైడ్రోమీటరూ లేదు కదా అన్నది ఇంకో మాట. ఇది ఆలోచించదగ్గ ప్రశ్నే. తాటికల్లు కుండలో అదే జాతి ఈస్ట్ అదే గ్యాస్‌ను వదులుతుంది, కానీ ఆ కుండకు ఎవరూ మూత బిగించరు. ఇంగ్లండ్ పబ్బుల్లో పీపాలో పులిసే బీరుకు మెత్తని చెక్క మేకు దిగ్గొట్టి, ఎక్కువైన గ్యాస్‌ను దాని గుండా వదిలేస్తారు. గ్యాస్‌ను గట్టిగా బంధించే లోహపు మూతకు విలియం పెయింటర్ పేటెంట్ తీసుకున్నది 1892లో. పాత విద్య పొంగు బయటికి పోయే దారి ఉన్న పాత్రల్లో పెరిగింది. ఆ దారి మూసేసినవాళ్లు ఆ అనుభవాన్ని అరువు తెచ్చుకోలేరు.

ఇంటి బీరు సరదా కోసం చేసేది, ఇంత లెక్క పెడితే ఆనందం ఎక్కడ మిగులుతుందన్న అభ్యంతరాన్ని నేను గౌరవిస్తాను. 1984లో వచ్చిన పుస్తకంతో ఒక తరం అమెరికన్లకు ఈ విద్య నేర్పిన చార్లీ పపాజియన్ కంగారు పడొద్దనే చెప్పాడు. ఆ మాట సరైనదే. అయితే కంగారు పోయేది కళ్లు మూసుకుంటే కాదు. పులియడం పూర్తయిందని, చక్కెర ఎంత వేశామో తెలుసునని తేలినప్పుడు రెండు వారాలు సీసాల వైపు చూడకుండా ఉండగలం. సిలిండర్ గ్యాస్‌తో కెగ్ నింపుకుంటే ఈ గొడవే ఉండదు కదా అంటే, నిజమే, ఖర్చు భరించగలిగినవాళ్లకు అది మంచి దారి. కానీ సీసాలో పొంగించడం పేదవాళ్ల పద్ధతి అనుకోవడం పొరపాటు. 1862లో మొదలైన ఆడిలైడ్ కూపర్స్ సంస్థ ఏల్, కాలిఫోర్నియాలోని సియెరా నెవాడా పేల్ ఏల్ ఇప్పటికీ సీసాలో ఈస్ట్‌తోనే గ్యాస్ కడతాయి. మూత కింద చిక్కుకున్న ఆక్సిజన్‌ను కూడా ఆ ఈస్ట్ కొంత తినేసి బీరును కాపాడుతుంది.

కొత్తవాళ్లు చెయ్యవలసింది దీన్నిబట్టి తేలిపోతుంది. రెండో రకం మాల్ట్ కొనేముందు గ్రాములు చూపించే త్రాసు, ఒక హైడ్రోమీటర్ కొనుక్కోవాలి. తిప్పి తీసే మూతల సీసాలు పక్కన పెట్టి, ఓపెనర్‌తో తీసే ముదురు గోధుమరంగు సీసాలే వాడాలి. వెలుతురు తగిలితే హాప్స్ వాసన పాడవుతుంది. ప్రతి విడతలో ఒక సీసా బీరును సోడా తాగేసిన ప్లాస్టిక్ బాటిల్లో పట్టి ఉంచితే, దాన్ని వేళ్లతో నొక్కి లోపల గ్యాస్ ఎంత కట్టిందో తెలుసుకోవచ్చు. 20 నుంచి 24 డిగ్రీల మధ్య రెండు వారాలు మూత ఉన్న అట్టపెట్టెలో ఉంచాలి. ఇంటి బీరు దాదాపు ఎప్పుడూ ఒక్కరే తాగేది కాదు. స్నేహితుడి ఇంటికి వెళుతుంది, పండక్కి వచ్చినవాళ్ల చేతికి వెళుతుంది. పుచ్చుకున్నవాళ్లు ఆ సీసాను మొహానికి దగ్గరగా పెట్టుకుని మూత తీస్తారు. లోపల ఎంత ఒత్తిడి ఉందో వాళ్లకు తెలిసే మార్గం లేదు, కాచినవాళ్లకే ఉంది. రుచి గురించి ఎవరికి నచ్చిన అభిప్రాయం వాళ్లకు ఉండొచ్చు. ఈ కొలత మాత్రం ఇష్టానికి వదిలేసేది కాదు, సీసా ఇచ్చేవాళ్ల బాధ్యత.