ధర కట్టిన తీరు

సినిమా టికెట్ ధర మీద మన రెండు రాష్ట్రాల్లో జరిగినంత రచ్చ ఇంకే ధర మీదా జరిగి ఉండదు. పెద్ద హీరో సినిమా వస్తోందంటే నిర్మాత పెంచమంటాడు, సర్కారు జీవో ఇస్తుంది, ఎవరో ఒకరు కోర్టుకెక్కుతారు. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 35తో పంచాయతీల్లోని ఏసీ లేని హాళ్లలో అడుగు తరగతి టికెట్టు 5 రూపాయలని తేలిస్తే, కొన్ని హాళ్లవాళ్లు మాకు గిట్టదంటూ తాళాలు వేసుకున్నారు. ఇంత గొడవలో అందరి మాటా విన్నాం, ఒక్క టికెట్ కొనేవాడి మాట తప్ప. ‘నువ్వెంత ఇచ్చుకోగలవు?’ అని వాణ్ణి అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

అడిగినవాళ్లు ఒక చోట ఉన్నారు. అది సినిమా హాలు కాదు, ఫుట్‌బాల్ మైదానం. ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ ఊళ్లో ఎఫ్‌సీ యునైటెడ్ ఆఫ్ మాంచెస్టర్ అని ఒక చిన్న క్లబ్ ఉంది. 2009-10 సీజన్‌కు ఆ క్లబ్ తన సీజన్ టికెట్‌కు ఇంత అని ధర కట్టడం మానేసింది. కనీసం 90 పౌండ్లు ఇవ్వండి, ఆ పైన మీ శక్తి కొద్దీ అంది. అప్పటి మారకం లెక్కన 90 పౌండ్లంటే 7 వేల రూపాయల చిల్లర. సొంత మైదానంలో ఏడాదికి ఇరవైకి అటూ ఇటూగా లీగ్ మ్యాచ్‌లు ఉంటాయి కాబట్టి, మ్యాచ్‌కి నాలుగున్నర పౌండ్లు పడుతుంది. ఎక్కువ ఇచ్చేవాణ్ణి ఎందుకిస్తున్నావని అడగరు, తక్కువ ఇచ్చేవాణ్ణి ఎందుకివ్వలేవని అడగరు.

దూరం నుంచి ఇది దానధర్మంలాగే కనిపిస్తుంది. దగ్గరికి వెళ్లి చూస్తే మంచి వడ్రంగి పని: ప్రతి అతుకూ కొలిచి వేసిందే. ఆ అతుకులేమిటో చూపించడానికే ఈ వ్యాసం.

క్లబ్ పుట్టుక సంగతి ముందు చెప్పాలి. 2005 మే నెలలో అమెరికా వ్యాపారి మాల్కమ్ గ్లేజర్ మాంచెస్టర్ యునైటెడ్‌ను కొన్నాడు. కొనడానికి అప్పు చేశాడు. ఆ అప్పులో పెద్ద భాగాన్ని క్లబ్ నెత్తినే పెట్టాడు. అంటే క్లబ్‌ను కొన్న ఖర్చును ఆ క్లబ్ అభిమానులే టికెట్ల రూపంలో తీర్చాలన్నమాట. తరవాతి కొన్నేళ్లు ఆ క్లబ్ మైదానమైన ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ధరలు వరసగా పెరిగాయి. 2007లో ఇంకో మెలిక పెట్టారు: సీజన్ టికెట్ ఉన్నవాళ్లు కప్ మ్యాచ్‌ల టికెట్లు కూడా తప్పనిసరిగా కొని తీరాలి, చూసినా చూడకపోయినా. ఇది జరగకముందే, గ్లేజర్ కొన్న కొద్ది వారాల్లోనే, కొంతమంది అభిమానులు లేచి బయటికొచ్చి తమ క్లబ్ తాము పెట్టుకున్నారు. ఇంగ్లిష్ ఫుట్‌బాల్ నిచ్చెనలో పదో మెట్టు దగ్గర, నార్త్ వెస్ట్ కౌంటీస్ లీగ్ రెండో డివిజన్‌లో మొదలుపెట్టారు. చాలా జట్లకు నూటికి అటూ ఇటూగా జనం వచ్చే ఆ డివిజన్‌లో వీళ్ల మ్యాచ్‌లకు సగటున 3 వేలమంది వచ్చారు. 2006 ఏప్రిల్‌లో గ్రేట్ హార్వుడ్ టౌన్‌తో మ్యాచ్‌కైతే 6,023 మంది. మొదటి మూడు సీజన్లలో మూడుసార్లు పై మెట్టుకు ఎక్కారు.

పెట్టుకున్న రోజే కొన్ని నియమాలు రాసుకున్నారు. మనిషికొక ఓటు. బోర్డును సభ్యులే ఎన్నుకుంటారు. లాభం ఎవరూ పంచుకోరు. ప్రవేశ ధర వీలైనంత ఎక్కువమందికి అందేలా ఉండాలి. ఈ చివరి నియమం మామూలుగా ఏ క్లబ్ అయినా పత్రికలవాళ్లకు చెప్పే కబురే. ఇక్కడ మాత్రం దాన్ని రాజ్యాంగంలో రాశారు, మార్చాలంటే సభ్యుల ఓటు కావాలి. ఒకప్పుడు సభ్యత్వం ఏడాదికి 12 పౌండ్లు. ఆ 12 పౌండ్లు కట్టినవాడు సర్వసభ్య సమావేశంలో టికెట్ ధర మీద చెయ్యెత్తొచ్చు. ధర నిర్ణయించేవాడూ కొనేవాడూ ఒక్కడే అయినప్పుడు బేరం స్వభావమే మారిపోతుంది. ఎక్కువ పెడితే తన జేబుకే చిల్లు. మరీ తక్కువ పెడితే తన జట్టుకే ఆటగాళ్లు ఉండరు.

ఇక ఆ 90 పౌండ్ల సంగతి. అసలు కనీస ధర ఎందుకు? మీ ఇష్టం అని పూర్తిగా వదిలేస్తే ఇంకా ఉదారంగా ఉండేది కదా అనిపిస్తుంది. ఉండేది కాదు. చిన్న క్లబ్ బతుకు వేసవిలో తేలుతుంది. టీవీ డబ్బు ఉండదు. పెద్ద క్లబ్‌కు టీవీవాళ్లిచ్చే దాని ముందు గేటు డబ్బు చిన్నదైపోతుంది గానీ, చిన్న క్లబ్‌కు గేటు దగ్గర వచ్చిందే ఆటగాళ్ల జీతం, మైదానం అద్దె, బస్సు కిరాయి. ఆగస్టులో సీజన్ మొదలవకముందే ఈ ఏడాది ఎంత ఖర్చు పెట్టొచ్చో తెలియాలి. కనీస ధర ఉంటే అమ్మిన టికెట్ల సంఖ్యను దానితో గుణిస్తే చేతిలో ఖాయంగా ఎంత ఉందో తెలుస్తుంది. ఆ పైన వచ్చింది కలిసొచ్చింది. అంకె కాస్త ఎక్కువైతే లేనివాడు బయటే ఉండిపోతాడు, కాస్త తక్కువైతే కోశాధికారికి నిద్ర పట్టదు. పనితనమంతా ఆ ఒక్క అంకె ఎక్కడ నిలపాలన్న దగ్గర ఉంది.

నాకు అన్నిటికన్నా నచ్చిన అతుకు వేరే ఉంది. మామూలు క్లబ్‌లలోనూ రాయితీలుంటాయి: విద్యార్థులకు, అరవై దాటినవాళ్లకు. రాయితీ కావాలంటే కార్డు చూపించాలి. వయసు కార్డు చూపించడం పరవాలేదు, పేదరికం కార్డు చూపించడమే కష్టం. పైగా ఆ లెక్కలు మనుషులకు సరిపోవు. మంచి పింఛను వచ్చే డెబ్బై ఏళ్ల పెద్దాయనకు సగం ధర. వారానికి ఎన్ని గంటలు పని దొరుకుతుందో తెలియని ముప్పై ఐదేళ్ల గోడౌన్ కూలీకి పూర్తి ధర. ఎఫ్‌సీ యునైటెడ్ ఈ కొలతబద్దను పక్కన పెట్టి, ఎవరి కొలత వాళ్లనే చూసుకోమంది. పింఛను పెద్దాయన ఎక్కువ ఇచ్చుకోవచ్చు, కూలీ కనీసం కట్టొచ్చు, మ్యాచ్ రోజున ఇద్దరూ ఒకే గేటులోంచి లోపలికి వెళతారు. మోసం చేసేవాళ్లుండరా? ఉంటారు. కానీ ఆ మోసం ఎవరిని చేస్తున్నట్టు? క్లబ్‌లో వాడికీ ఒక ఓటుంది.

పిల్లల ధర దగ్గర వాళ్లు ఇంత ఆలోచించినట్టు లేరు, ఆలోచించనక్కర్లేదు కూడా. చాలా ఏళ్లపాటు 18 ఏళ్ల లోపువారికి మ్యాచ్‌కి 2 పౌండ్లు. అదే ఊళ్లో 2024 నవంబర్‌లో, సీజన్ నడుమ, మాంచెస్టర్ యునైటెడ్ తన దగ్గర మిగిలిన టికెట్లన్నిటికీ 66 పౌండ్లు ఖరారు చేసింది. పిల్లలకూ వృద్ధులకూ తగ్గింపు లేదంది. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టాక వ్యాఖ్యానం దండగ.

ధర తగ్గించాలంటే డబ్బు వేరే చోటు నుంచి రావాలి, అందరూ చేసేది అదే. జెర్సీ మీద కంపెనీ పేరు వేసుకుంటే కొంత వస్తుంది. వీళ్లు అదీ వద్దన్నారు; వీలైనంత వరకు వ్యాపారీకరణకు దూరంగా ఉండాలన్నది పుట్టినప్పుడు రాసుకున్న మాట కాబట్టి జెర్సీ ముందు భాగం ఖాళీగా వదిలేశారు. ఇది మొండితనమని నేననుకుంటాను. కనీస ధర ఇంకో పది పౌండ్లు తగ్గే అవకాశాన్ని వాళ్లే వదులుకున్నారు కదా. మొండితనం ఆట వేళ దగ్గరా ఉంది. 2007 డిసెంబర్‌లో కర్జన్ ఆష్టన్‌తో మ్యాచ్‌ను ప్రసారం కోసం మధ్యాహ్నం మూడు గంటల నుంచి వేరే వేళకు మారిస్తే, అభిమానులు ఆ మ్యాచ్‌ను బహిష్కరించారు. అభిమానికి టికెట్ ధర తగ్గించి ఆట వేళ మార్చేస్తే ఒరిగేదేమిటి అన్నది వాళ్ల వాదన. ధరలో వేళ కూడా భాగమేనన్న ఆ చూపు మాత్రం పదునైనది.

పదేళ్లకు సొంత మైదానం కట్టుకున్న కథలోనూ ఇదే చేయి కనిపిస్తుంది. తొలుత న్యూటన్ హీత్ దగ్గర స్థలం అనుకున్నారు. 1878లో రైల్వే కార్మికులు మాంచెస్టర్ యునైటెడ్‌ను వేరే పేరుతో మొదలుపెట్టిన పేట అది. నగర పాలక సంస్థ మద్దతు వెనక్కి తీసుకోవడంతో మాస్టన్‌కు మారాల్సి వచ్చింది. డబ్బు కోసం సామూహిక వాటాలు అమ్మారు, 20 లక్షల పౌండ్లకు పైగా పోగయ్యాయి. ఈ వాటాలను బజార్లో అమ్ముకోవడానికి లేదు. 200 పౌండ్లు పెట్టినవాడికైనా వేలు పెట్టినవాడికైనా ఓటు ఒక్కటే. ఈ ఒక్క నియమం తీసేసి చూడండి, నాలుగేళ్లలో పెద్ద వాటాదారుడొకడు టికెట్ ధర పెంచమని కూర్చుంటాడు. అలా మాస్టన్‌లో కట్టిన బ్రాడ్‌హర్స్ట్ పార్క్ 4,400 మంది పట్టే మైదానం. 2015 మే 29న బెన్‌ఫికా జట్టుతో స్నేహపూర్వక మ్యాచ్‌తో తెరిచారు. 1968లో అదే తేదీన మాంచెస్టర్ యునైటెడ్ బెన్‌ఫికాను ఓడించి యూరోపియన్ కప్ గెలిచింది. పాత ప్రేమ అంత తేలిగ్గా పోదు.

తక్కువ ధర వీళ్ల సొంత కనిపెట్టుడు కాదు. యార్క్‌షైర్‌లో బ్రాడ్‌ఫర్డ్ సిటీ 2007లో నాలుగో డివిజన్‌కు జారినప్పుడు సీజన్ టికెట్‌ను 150 పౌండ్ల లోపుకు తెగ్గోసింది. లెక్క సూటిగా ఉంటుంది: 25 వేలు పట్టే మైదానంలో కుర్చీలు ఖాళీగా ఉన్నా నిండినా లైట్ల ఖర్చు ఒకటే. పైగా 1983 నుంచి ఇంగ్లిష్ లీగ్‌లో గేటు డబ్బంతా ఆతిథ్య జట్టుకే పోతుంది, అవతలి జట్టుకు వాటా ఇవ్వనక్కర్లేదు. కాబట్టి ధర తగ్గించే ధైర్యం ఎవరిదో ఫలితమూ వాళ్లదే. నాలుగో డివిజన్‌లో ఉంటూనే 2013లో లీగ్ కప్ ఫైనల్ దాకా వెళ్లింది ఆ జట్టు. 2015-16లో సీజన్ టికెట్ 149 పౌండ్లు ఉన్నప్పుడు మూడో డివిజన్ మ్యాచ్‌లకు సగటున 18 వేలమంది వచ్చారు. గొప్ప పనే, కానీ యజమాని మనసు మంచిదైనందుకు జరిగిన పని. యజమాని మారితే ధర మారొచ్చు. ఎఫ్‌సీ యునైటెడ్ పనితనం అంతకన్నా ఒక అంగుళం లోతు. ఎవరి మంచితనం మీదా ఆధారపడకుండా నిలిచేలా కట్టారు.

ఈ తేడా ఎంతదో తెలియాలంటే బెరీ క్లబ్‌ను చూడాలి. ఎఫ్‌సీ యునైటెడ్ చాలా ఏళ్లు బెరీ వాళ్ల గిగ్ లేన్ మైదానంలో అద్దెకుంది. బెరీ 1894 నుంచి లీగ్‌లో ఉన్న క్లబ్, రెండుసార్లు ఎఫ్‌ఏ కప్ గెలిచిన క్లబ్. 2018 డిసెంబర్‌లో అది ఒక్క పౌండుకు చేతులు మారింది. కొత్త యజమాని అప్పులు తీర్చగలనని నిరూపించలేకపోవడంతో 2019 ఆగస్టులో లీగ్ నుంచే వెళ్లగొట్టారు. అద్దెకున్నవాళ్లు అప్పటికి సొంతింట్లో ఆడుతున్నారు.

అలాగని ఎఫ్‌సీ యునైటెడ్‌లో అంతా సవ్యంగా ఉందనుకుంటే పొరపాటు. మైదానం కట్టుకున్న ఏడాదిలోనే బోర్డుకూ సభ్యులకూ పడలేదు. తొలినాళ్ల నుంచి భారం మోసిన జనరల్ మేనేజర్ ఆండీ వాల్ష్ 2016లో తప్పుకున్నారు, బోర్డులో చాలా ముఖాలు మారాయి. 2019లో జట్టు ఒక మెట్టు కిందికి జారింది. 2006 నాటి ఆరు వేల జనం రోజూ రారు. నిర్ణయాలు సమావేశాల్లో నలిగి నలిగి వస్తాయి, మంచి ఆటగాణ్ణి ఎక్కువ జీతం ఇచ్చే క్లబ్ ఎగరేసుకుపోతుంది. 2010 నవంబర్‌లో ఎఫ్‌ఏ కప్‌లో మూడో డివిజన్ జట్టు రోచ్‌డేల్‌ను 3-2తో కొట్టిన రాత్రి లాంటివి అరుదు. గెలవడానికే ఫుట్‌బాల్ చూసేవాళ్లకు ఈ క్లబ్ నచ్చదు.

మనకూ ఒక క్లబ్ ఉండేది. 2019లో పుణె నుంచి వచ్చి, గచ్చిబౌలిలో ఆడి, 2022 మార్చిలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ. డబ్బు కష్టాలొచ్చాయి, యాజమాన్యం మారింది, 2025లో జట్టు ఢిల్లీకి తరలిపోయింది. గచ్చిబౌలిలో అరిచినవాళ్లకు అందులో ఒక్క ఓటు లేదు. అభిమానులు టికెట్ చౌకగా ఉంటే చాలనుకుంటారు, నేనూ ఒకప్పుడు అలాగే అనుకునేవాణ్ణి. ధర ఎవరు కడుతున్నారన్నదే పెద్ద ప్రశ్న.

చదువుకో ఉద్యోగానికో మాంచెస్టర్‌లో ఉంటున్న తెలుగువాళ్లు ఈ వ్యాసం చదువుతుంటే ఒక మాట. ఓల్డ్ ట్రాఫర్డ్ టికెట్ ధర చూసి వెనక్కి తగ్గిన శనివారం మాస్టన్ వెళ్లండి. మ్యాచ్ మామూలుగా మధ్యాహ్నం మూడింటికి ఉంటుంది. బ్రాడ్‌హర్స్ట్ పార్క్‌లో కుర్చీలున్నాయి గానీ, ఆ స్థాయి మైదానాల్లో ఇంకా అనుమతి ఉన్న నిలబడి చూసే గ్యాలరీలోకే వెళ్లండి. నచ్చితే సభ్యత్వం తీసుకోండి, వచ్చే ఏడాది ధర ఎంత ఉండాలో చెప్పే ఓటు మీకూ వస్తుంది.