అంచు లేని చీర, పట్టీ లేని ఇంజను

మా అక్కకీ నాకూ ఆస్తి తగాదాలు లేవు. ఉద్దానంలో తాతగారి జీడితోట పంచుకునేటప్పుడు కూడా "ముందు నువ్వు కోరుకో" అంటే "కాదు, ముందు నువ్వే" అనుకుంటూ పొద్దు పుచ్చినవాళ్ళం. కానీ ఒక్క విషయంలో మాత్రం యాభై ఏళ్ళ నుంచీ మాకు రాజీ కుదరలేదు. చిన్నప్పుడు పలాస స్టేషన్లో నోరు తెరుచుకుని చూసిన డీజిలింజను ఏ రంగుది? ఆకుపచ్చదని అక్క. కాదు, ముదురెరుపని నేను. దాని నడుం చుట్టూ మీగడరంగు పట్టీ ఉండేదన్న దగ్గర మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట.

"విమర్శ రాయడానికి పుస్తకాలు కరువయ్యాయా, రైలింజన్ల మీద పడ్డారు!" అంటారు కాబోలు. ఏం, పడకూడదా? కొత్త చీర కట్టుకుని గుమ్మం దాటితే చాలు, అంచు బాగుందనీ, కొంగు తేలిపోయిందనీ పదిమంది పది మాటలంటారు. రోజూ లక్షలమంది కళ్ళముందు నుంచి పోయే ఇంజనుకి ఆ రంగు ఎవరు వేశారు, ఎందుకు వేశారు, ఇప్పుడేమయిందీ అని ఒక్కరైనా అడగొద్దూ?

అసలు రంగు గొడవంతా డీజిలుతోనే వచ్చింది. బొగ్గింజనుకి అలంకారంతో పని లేదు. చక్రాలూ, వాటిని తిప్పే కడ్డీలూ, పొగగొట్టం, బుసబుసలాడే ఆవిరీ, దాని సంసారమంతా బయటే. ఒళ్ళంతా నల్లరంగు పూసినా అందంగానే ఉంటుంది. డీజిలింజను అలాక్కాదు. పనంతా పెట్టె లోపలే. మనకి కనపడేది వరసగా తలుపులూ, గాలిసందులూ ఉన్న పొడుగాటి ఇనప్పెట్టె. దానికో ముఖమూ, నడుమూ ఉన్నాయని మనకి తెలియజెప్పేది రంగే. అంచేత బొగ్గింజనుకి తప్పు రంగేస్తే అది వేషం మారిందనుకోవచ్చు. డీజిలింజనుకి తప్పు రంగేస్తే మనిషే మారిపోయినట్టు.

మేం చూసిన ఇంజను పేరు డబ్ల్యూ.డి.ఎం.-2. ఏదో మందు పేరులా ఉంది గాని అర్థం తేలికే. మొదటి అక్షరం పెద్ద లైను, రెండోది డీజిలు, మూడోది సరుకుకైనా జనానికైనా పనికొచ్చేదని, చివరి అంకె రెండో రకమని. అమెరికాలోని ఆల్కో కంపెనీ వాళ్ళవి 1962లో మనకి దిగాయి. 1964 జనవరిలో వారణాసి కార్ఖానా నుంచి మన చేతిమీదుగా మొదటిది వచ్చింది. 1998 దాకా తయారవుతూనే ఉన్నాయి, రెండున్నర వేలకి పైనే. 2,600 గుర్రాల బలం. 1977లో హౌరా నుంచి మద్రాసుకి కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ వేశారు చూడండి, మా పలాసని చిన్నచూపు చూసి ఆగకుండా పోయేది. దాన్ని లాక్కుపోయింది ఈ జాతి ఇంజనే. కాశీబుగ్గ గేటు దగ్గర జీడిపిక్కల బస్తాల బళ్ళు అటూ ఇటూ నిలిచిపోయేవి. మధ్యలోంచి ఆ మీగడ పట్టీ ఒక్కటే గీత గీసినట్టు సర్రున పోయేది. ఇంజను పోయాక కూడా కాసేపు కంట్లో గీత మిగిలేది.

ఆ పట్టీ వేసిన మహానుభావుడెవరో గాని తెలివైనవాడు. పొట్టిగా ఉన్నవాళ్ళని అడ్డంగా పెద్ద అంచులున్న చీర కట్టుకోవద్దంటారు, ఎందుకు? అడ్డగీత ఎత్తుని తగ్గిస్తుంది, పొడుగుని సాగదీస్తుంది. ఇంజనుకి కావలసిందీ అదే. నిలబడి ఉన్నప్పుడు కూడా పరుగెత్తుతున్నట్టుండాలి. పట్టీ కింద ముదురురంగు ఎందుకంటే నూనె మరకలూ, దుమ్మూ అక్కడే ఎక్కువ పడతాయి. వంటింటి గోడకి కిందంతా ముదురురంగు కొట్టించే ఇల్లాలికి ఈ సూత్రం ఒకరు చెప్పాలా? మా పొందూరు ఖద్దరులాంటి పద్ధతి అది. ఒళ్ళంతా ఒకే రంగు, అంచు ఒక్కటే. దాన్ని మించి పెడితే చెడుతుంది.

చెడింది కూడా. ఇంజన్లని సాకే షెడ్లు ఎవరి రంగు వాళ్ళు వేసుకోవడం మొదలుపెట్టాయి. మొదట్లో అది ముచ్చటే. వాల్తేరు షెడ్డుదీ ఖరగ్‌పూర్ షెడ్డుదీ దూరంనుంచే పోల్చుకోవచ్చు, ఇంటి ముందు ముగ్గు చూసి ఎవరి చేతిదో చెప్పినట్టు. పైగా షెడ్డు పేరు ఇంజను మీదే రాసుంటుంది. రానురాను ఒకరిని చూసి ఒకరు మెరుపు గీతలనీ, మూడేసి నాలుగేసి రంగులనీ పోటీ పడ్డారు. మధ్యలో ఒక్కో ఇంజను పెళ్ళివారి బస్సులా తయారైంది. ఇప్పుడైతే కొన్ని కరెంటింజన్లకి ఒళ్ళంతా వ్యాపార ప్రకటనలే అంటిస్తున్నారు. వాటిని విమర్శించేదేముంది, వాటిమీద రంగే లేదు. దానికంటే తెలుపు మీద ఎర్ర పట్టీతో వచ్చే కొత్త కరెంటింజనే నయం, పాత సంప్రదాయం ఛాయ కాస్తయినా ఉంది.

హౌరా-చెన్నై దారంతా 2005 నాటికి కరెంటు తీగలొచ్చేశాయి. మా వైపు డీజిళ్ళ దర్జా అక్కడితో సరి. తరవాత అవి ఒక్కొక్కటే తుక్కు కిందికి పోతున్నాయి. తుక్కుకి పోనివి కొన్ని మ్యూజియాలకీ, స్టేషన్ల ముందరి అరుగుల మీదికీ చేరాయి. నా అసలు ఫిర్యాదు ఇక్కడే.

ఒక ఊళ్ళో, పేరెందుకు లెండి, అలా అరుగెక్కించిన పాత ఇంజనుని చూశాను. చుట్టూ పూలమొక్కలు, చైను కంచె. శుభ్రంగానే ఉంచారు. కానీ దాని ఒంటిమీద ఉన్నది ఇనప బీరువాలకి వేసే నీలం! పట్టీ ఉండాల్సిన చోట బంగారురంగు పువ్వులు. చక్రాలకి వెండిరంగు. అది పరుగెత్తిన రోజుల్లో ఒక్కనాడు కూడా అలా ఉండి ఉండదు. పక్కన బోర్డు మీద బరువెంతో, బలమెంతో, ఎప్పుడు పుట్టిందో అన్నీ రాశారు. అసలు రంగేమిటో మాత్రం రాయలేదు. "కొత్తగా, అందంగా ఉంది కదా" అన్నారు మావారు. అందం మాట కాదండీ, చనిపోయిన పెద్దావిడ ఫొటోకి ఫ్రేము కట్టిస్తూ, ఆవిడ నేతచీర మీద జరీ చీర దిద్దితే ఒప్పుకుంటామా?

రంగు తెలుసుకోవడం అంత అసాధ్యమూ కాదు. ఇంజనుని కొన్నేళ్ళకోసారి వర్క్‌షాపులో విప్పి, బాగుచేసి, కిటికీ చువ్వలకి మనం కొట్టించే రెడ్ ఆక్సైడ్ లాంటిది పూసి, పైన కొత్త రంగేస్తారు. పాతదంతా పూర్తిగా గీకెయ్యరు. తలుపు సందుల్లో, పేరు పలకల వెనకాల పొరమీద పొర ఉండిపోతుంది. తెలిసినవాళ్ళు ఒక చిన్న చోట సన్నగా మెట్లు మెట్లుగా గీకుతారు, ఉల్లిపాయ పొరల్లా రంగులన్నీ వరసగా బయటపడతాయి. పాత గోడల మీద బొమ్మల్ని బయటికి తీసేవాళ్ళు చేసేదీ ఇదే. ఒక్క పూట పని. ఆ పూట ఓపిక పట్టకుండా మొత్తం గీకించేస్తే, తరవాత ఎంత డబ్బు పోసినా ఆ పొరలు రావు.

ఇంగ్లండులో డెల్టిక్ అనే డీజిలింజన్లు 1961-62లో ఇరవైరెండు వచ్చాయి. పైన ముదురాకుపచ్చ, అడుగున సన్నగా లేతాకుపచ్చ. 1966 తరవాత దేశమంతా ఒకే రంగుండాలని నీలం పూసేశారు. వాటిలో ఒకదాన్ని మ్యూజియానికి ఎంచుకున్నారు. అదింకా బళ్ళు లాగుతుండగానే 1980లో తిరిగి ఆ పాత రెండాకుపచ్చలూ వేసి, ఏడాదికి పైగా పాసింజర్లకి కనపడేలా నడిపించి, ఆ తరవాతే మ్యూజియంలో పెట్టారు. ఇప్పుడది యార్క్‌లో ఉంది. అమెరికాలో సాంటా ఫే కంపెనీ ఇంజన్లకి 1937లో నికర్‌బాకర్ అనే చిత్రకారుడు వెండిరంగు ఒంటిమీద ఎర్రని ముఖం వేశాడు, అక్కడి ఆదివాసుల నాయకులు తలకి పెట్టుకునే ఈకల కిరీటంలా. ఆ ముఖం ఎంత పేరుపడిందంటే 1948లో పిల్లల బొమ్మరైళ్ళకి కూడా అదే రంగేసి అమ్మారు. ఇవాళ శాక్రమెంటో మ్యూజియంలో ఆ ఇంజను ముందు నుంచున్న తాతలు తమ బొమ్మనే చూసుకుంటారు. 2012లో మరో కంపెనీ అయితే, తనలో కలిసిపోయిన పాత కంపెనీల రంగుల్ని ఇరవై కొత్త ఇంజన్లకి వేసి దారిమీదికి పంపింది. పుట్టింటి చీర కట్టుకుని అత్తారింట తిరిగినట్టు.

వాళ్ళకి డబ్బుందండీ అంటారా? ఢిల్లీ చాణక్యపురిలో మన రైలు మ్యూజియం 1977లోనే తెరిచారు. కొరత డబ్బుది కాదు. రంగు కూడా వస్తువులో భాగమేనన్న ఆలోచనది.

నాకింత కడుపుమంట ఎందుకంటే మా చిన్న రైలు మూలాన. పర్లాకిమిడి రాజావారు నౌపడా నుంచి తమ ఊరికి 1900లో వేయించిన రెండున్నర అడుగుల లైను అది. 1931 నాటికి గుణుపురం దాకా పోయింది. నౌపడా ఉప్పుమళ్ళ పక్క బయల్దేరి, టెక్కలి మీదుగా పాతపట్నం వైపు నెమ్మదిగా పాక్కుంటూ పోయేది. అక్కని టెక్కలి ఇచ్చింతరవాత పెద్ద రైలు దిగి నౌపడాలో దీన్నెక్కడం నాకో సరదా. చివరి రోజుల్లో దాన్నీ డీజిళ్ళే లాగాయి. ఉప్పుగాలికి రంగు బొబ్బలెక్కి పెచ్చులూడితే, కింది రంగు మీద ఇంకో రంగు తొంగిచూస్తూ, వెలిసిన గోడలా ఉండేవి. 2004లో ఆ లైను మూసి పెద్ద లైనుగా మార్చారు. 2010, 2011లలో కొత్త పట్టాల మీద బళ్ళు మళ్ళీ నడిచాయి. మంచిదే, జనానికి సుఖమే. బొగ్గింజన్ల కోసం ఎక్కడెక్కడి దొరలో వచ్చి ఫొటోలు తీసుకుపోయారు. డీజిలు రాగానే కెమెరాలు సంచుల్లోకి పోయాయి. నిన్నటి వస్తువు కదా, దానికి ఇంకా పాతతనపు పరువు రాలేదు. పరువొచ్చేసరికి వస్తువుండదు.

అందుకే, ఇళ్ళల్లో ట్రంకుపెట్టెలు దులిపేటప్పుడు ఒక్కసారి చూడండి. పెళ్ళివారిని స్టేషన్లో దింపుకున్న ఫొటోల్లో వెనకాల ఇంజను పడే ఉంటుంది. ముత్తైదువులందరి పేర్లూ వెనక రాస్తారు కదా, తేదీ, స్టేషను పేరు కూడా రాసి ఉంచండి. రంగు చూసినవాళ్ళుంటే అదీ రాయించండి. తెలుపునలుపు ఫొటోలో ఎరుపూ ఆకుపచ్చా ఒకే బూడిదరంగులో కనపడతాయి మరి.

మా తగాదాకి మందు అక్కడే ఉందని నేనూ అనుకున్నాను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస పక్కనే తీరం దాటి, తాతగారి జీడిచెట్లని వేళ్ళతో సహా పడగొట్టింది కదా, అప్పుడు తడిసిన ఆల్బం ఒకటి ఎండబెడుతుంటే దొరికిందా ఫొటో. నాన్నగారు పలాస ప్లాట్‌ఫారం మీద తీయించిన కలరు ఫొటో! వెనకాల సాక్షాత్తూ ఆ ఇంజనే. ముదురెరుపు! పరుగున వెళ్ళి అక్కకి ఫోను చేశాను. ఆదివారం టెక్కలి నుంచి వచ్చి, కళ్ళజోడు సవరించుకుని, ఫొటోని కిటికీ దగ్గర పెట్టి చాలాసేపు చూసింది.

"ఇంజను ఎర్రగానే ఉందే," అంది. "మరి దాని పక్కనున్న కొబ్బరిచెట్టేటి, అదీ ఎర్రగానే ఉంది?"

నిజమే. ఆ కాలపు కలరు ఫొటోల్లో నీలిఛాయ ముందు వెలిసిపోయి, అన్నీ ఎర్రబడతాయిట. నాన్నగారి తెల్లపంచె కూడా గులాబీరంగులో ఉంది. షెడ్డుకో రంగు కాబట్టి, ఒక రోజు ఆకుపచ్చ ఇంజనూ మరో రోజు ఎర్రదీ వచ్చి ఉంటాయి, ఇద్దరమూ నిజమే చూశామని సంధి ప్రతిపాదించాను. అక్క ఒప్పుకున్నట్టే తలూపి, కాఫీ తాగుతూ తాగుతూ మళ్ళీ ఫొటో అందుకుంది.

"పట్టీ మీగడరంగు కాదే," అంది. "పసుపు."