జాంబపురాణం: పాఠం, ప్రదర్శన, వెలి

చంద్రపూర్‌కు తెలుగు దూరపు భాష కాదు. వార్ధా నదికి ఆవలనున్న రాజురా తాలూకా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో, ఆదిలాబాదు జిల్లాలో ఉండేది. అందుచేత తెలంగాణ దళిత కళారూపమైన చిందు భాగవతం మన అధ్యయనానికి పొరుగింటి విషయమే. అయితే దానిపై వచ్చిన విమర్శ చాలావరకు వేషం, దరువు, కథ వద్ద ఆగిపోతుంది. ఆట ముగిశాక కళాకారుడు ఎక్కడ విడిది చేశాడన్నది సాహిత్య ప్రశ్న కాదనుకుంటుంది. అది సరికాదని మా అభిప్రాయం.

పోలికకు అమెరికా నల్లజాతి సంగీతకారులను చూద్దాం. 1927 నుంచి డ్యూక్ ఎలింగ్టన్ బృందం న్యూయార్క్ కాటన్ క్లబ్‌లో వాయించింది. వేదిక మీద నల్లవారు, ఎదుట తెల్లవారు. దక్షిణాది యాత్రల్లో వారికి హోటళ్లలో గది దొరికేది కాదు. ఏ ఊళ్లో ఎక్కడ దిగవచ్చో నల్లజాతి ప్రయాణికులకు తెలిపే ‘గ్రీన్ బుక్’ 1936 నుంచి వెలువడింది. 1956 ఏప్రిల్‌లో బర్మింగ్‌హామ్ వేదిక మీదనే నాట్ కింగ్ కోల్‌పై దాడి జరిగింది. పాట కావలసిన సమాజమే పాడేవారిని దూరంగా ఉంచింది.

చిందువారి స్థితి ఇంతకన్నా చిక్కైనది. వారు మాదిగల ఆశ్రిత కులం. ఏ కుటుంబం ఏ ఊళ్లలో ఆడాలో, త్యాగం అడగాలో మిరాశీ హక్కు నిర్ణయించేది. కనుక వారికి దారీ, దాతా ముందే తెలుసు. కాని ఊరు మాదిగలను వెలిలో ఉంచితే, మాదిగలు చిందువారితో వియ్యమందలేదు. డక్కలివారిని వాడ వెలుపలే నిలిపారు. అంబేద్కర్ చెప్పిన శ్రేణీకృత అసమానత ఇదే.

ఈ నేపథ్యంలో జాంబపురాణాన్ని చదవాలి. భూమి కన్నా ముందే పుట్టానని ఆదిజాంబవుడు చెప్పుకుంటాడు, బ్రాహ్మణునితో వాదిస్తాడు. చిందు ప్రదర్శనలో ఆ బ్రాహ్మణ పాత్రను ధరించేదీ చిందు కళాకారుడే. ఊళ్లో నోరెత్తరాని మాట వేదిక మీద వాదమై నిలుస్తుంది. దీనిని ధిక్కార సాహిత్యమనడం న్యాయమే. కాని అంతటితో ఆగితే సగమే చదివినట్లు. ఆశ్రిత కులాలు ఈ పురాణం చెప్పే మాదిగల వద్ద తమ అడిగే హక్కును నిలుపుకున్నాయి. అందువల్ల ఇది ధిక్కారపత్రంతో పాటు హక్కుపత్రం కూడా. పై మెట్టును ప్రశ్నించే కథే కింది మెట్టును యథాతథంగా ఉంచింది. డక్కలివారు చెప్పే పురాణం విని మాదిగ శ్రోత ఆదిపురుషుని సంతతిగా తల ఎత్తుకుంటాడు. చెప్పినవారు మాత్రం వాడ బయటి గుడిసెకే తిరిగి వెళ్లారు.

1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బౌద్ధం స్వీకరించిన అంబేద్కర్, 16న చాందాలో, అంటే నేటి చంద్రపూర్‌లో, దీక్ష ఇచ్చారు. మెట్లను తిరగవేయడం కాక, మెట్లే లేకుండా చేయడం ఆ దీక్ష లక్ష్యం. జాంబపురాణం చేరలేకపోయిన చోటు అదే.

పన్నెండు మెట్ల కిన్నెర వాయించే డక్కలి కళాకారుడు మొగిలయ్యకు 2022లో, చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ లభించింది. సంతోషించదగినదే. కాని పురస్కారంతో విమర్శ బాధ్యత తీరదు. మన విద్యార్థులు ఈ పురాణాన్ని సేకరించేటప్పుడు పాఠంతోపాటు ఎవరు ఎక్కడ కూర్చున్నారో, ఎవరి ఇంట భోజనం చేశారో కూడా రాసుకోవాలి. అది అనుబంధం కాదు, పాఠంలో భాగమే.