క్వాంటమ్ సాక్ష్యం ఎవరికి కావాలి?

క్వాంటమ్ భౌతికశాస్త్రానికీ ఉత్తర అమెరికా మూలవాసుల జ్ఞానానికీ చుట్టరికం ఉందనేవారు తరచూ చూపించే పుస్తకం ఎఫ్. డేవిడ్ పీట్ ‘బ్లాక్‌ఫుట్ ఫిజిక్స్’. 1994లో ‘లైటింగ్ ద సెవెంత్ ఫైర్’గా వచ్చి, తరవాత ఈ పేరుతో నిలిచింది. దాని పక్కన పెట్టి చదవాల్సింది గ్రెగరీ కహేటే ‘నేటివ్ సైన్స్’ (2000). పీట్ లివర్‌పూల్‌లో పుట్టిన భౌతికశాస్త్రవేత్త, బ్లాక్‌ఫుట్ ప్రజల దగ్గరికి అతిథిగా వెళ్లినవాడు. కహేటే న్యూమెక్సికోలోని సాంటా క్లారా ప్యూబ్లోకు చెందిన టేవా మనిషి. ఇద్దరినీ కలిపే వ్యక్తి కెనడాలోని లెత్‌బ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన బ్లాక్‌ఫుట్ పండితుడు లెరాయ్ లిటిల్ బేర్. పీట్‌కు దారి చూపినవాళ్లలో ఆయన ఒకరు. కహేటే పుస్తకానికి ముందుమాట కూడా ఆయనదే. అయినా రెండు పుస్తకాలూ ఒక చోటికి చేరవు.

పీట్ పుస్తకంలో నాకు బాగా నచ్చింది భౌతికశాస్త్రవేత్త డేవిడ్ బోమ్ ప్రస్తావన. యూరప్ భాషలు లోకాన్ని విడివిడి వస్తువులుగా కోసేస్తాయని, క్వాంటమ్ లోకంలో ఉన్నది ఎడతెగని కదలిక అని బోమ్ బాధ. 1980లో అచ్చయిన తన పుస్తకంలో, క్రియాపదమే మూలంగా ఉండే కొత్త భాషారీతిని ఊహించి చూశాడు. 1992లో మిషిగన్‌లోని కాలమజూలో లిటిల్ బేర్ తదితరులతో కూర్చుని మాట్లాడాడు. తను ఊహించిన దానికి దగ్గరగా క్రియాప్రధానమైన భాషలు బ్లాక్‌ఫుట్ చేరిన ఆల్గాంకియన్ కుటుంబంలో సజీవంగా ఉన్నాయని అక్కడ తెలుసుకున్నాడు. ఆ ఏడాది అక్టోబరులోనే చనిపోయాడు. జీవితమంతా వెతికిన దాన్ని ఇతరులు రోజూ మాట్లాడుకుంటున్నారని ఒక శాస్త్రవేత్త సంతోషంగా ఒప్పుకోవడం గొప్ప సంగతి. ఇక్కడ పోలిక నిలుస్తుంది, ఎందుకంటే అది లోకాన్ని ఏ వ్యాకరణంతో తలుస్తున్నామన్న దాని గురించి.

పీట్ అక్కడితో ఆగడు. చూసేవాడినీ చూసే వస్తువునూ విడదీయలేమని క్వాంటమ్ సిద్ధాంతం అంటోంది, మూలవాసులూ అదే అంటున్నారు అని రెండింటినీ ఒకే వరుసలో నిలబెడతాడు. ఇది నేను ఒప్పుకోలేను. ప్రయోగశాలలో కొలిచేది డిటెక్టర్. అక్కడ మనిషి మనసు ఉండాలన్న షరతు సిద్ధాంతపు లెక్కల్లో లేదు. ఎంటాంగిల్‌మెంట్‌నే, అంటే దూరంగా ఉన్న కణాల స్థితులు ముడిపడి ఉండటాన్నే, తీసుకోండి. అలాంటి కణాల ఫలితాల పొంతనకు పాత లెక్కల ప్రకారం ఉండాల్సిన హద్దును చెప్పే అసమానతను జాన్ బెల్ 1964లో రాశాడు, అలాన్ ఆస్పె బృందం 1982లో ఫ్రాన్స్‌లో దాన్ని పరీక్షించింది, ఆ దారిలో సాగిన పనికి 2022లో ఆస్పె, క్లౌజర్, జైలింగర్‌లకు నోబెల్ వచ్చింది. తేలిందేమిటి? దూరంగా ఉన్న రెండు ఫోటాన్ల ఫలితాల మధ్య పొంతన పాత భౌతికశాస్త్రం అనుమతించే హద్దును దాటుతుంది. దాని ద్వారా కబురు మాత్రం పంపలేం.

బ్లాక్‌ఫుట్ వాళ్లు బంధుత్వం అన్నప్పుడు చెబుతున్నది పొంతన గురించి కాదు, బాధ్యత గురించి. మొక్కను కోసేముందు పొగాకు సమర్పించాలి, లోకాన్ని క్రతువులతో తిరిగి నిలబెట్టుకోవాలి, తీసుకున్నదానికి బదులు ఇవ్వాలి. ఫోటాన్లు ఒకదానికొకటి ఏమీ రుణపడవు. ఈ తేడాను చెరిపేస్తే బ్లాక్‌ఫుట్ ఆలోచనలో అతి విలువైన భాగమే చెరిగిపోతుంది. ఇలాంటి నష్టం మనకూ తెలుసు: భౌతికశాస్త్రాన్ని తూర్పు దేశాల తత్వంతో పోల్చిన ఫ్రిట్జాఫ్ కాప్రా ‘ది టావో ఆఫ్ ఫిజిక్స్’ (1975) తరవాత ఉపనిషత్తుల్లో క్వాంటమ్‌ను వెతకడం మనకూ అలవాటైంది. ఆ వెతుకులాటలో ఉపనిషత్తును ఉపనిషత్తుగా చదవడం తగ్గింది.

కహేటే మాత్రం నేల నుంచి మొదలుపెడతాడు: మొక్కలు, తిండి, జంతువులు, ఆకాశం, ఊరు. మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి కలిపి వేసే సాగునే చూడండి. చిక్కుడు తీగకు మొక్కజొన్న కాండం ఆసరా. చిక్కుడు వేళ్ల బుడిపెల్లోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది. గుమ్మడి ఆకులు నేల తడి ఆరకుండా, కలుపు పెరగకుండా కాస్తాయి. తరతరాల పరిశీలనతో పండిన శాస్త్రం ఇది. దీనికి క్వాంటమ్ ధ్రువపత్రం అక్కర్లేదు. కహేటే కూడా అక్కడక్కడా కేయాస్ సిద్ధాంతాన్నీ, క్వాంటమ్‌నూ పిలుస్తాడు. నా దృష్టిలో అవే పుస్తకంలో పలచని పేజీలు.

పీట్‌కున్న పెద్ద గుణం వినయం. మూలవాసుల వైద్యం, గణితం, కాలగణన గురించి తోటి శాస్త్రవేత్తలు వినేలా రాశాడు. అయితే ఆయన చేతిలో మూలవాసి జ్ఞానం సాక్షిగా వచ్చి భౌతికశాస్త్రం తరఫున మాట్లాడుతుంది. కహేటే చేతిలో అది తన సంగతి తానే చెప్పుకుంటుంది. అందుకే రెండింటిలో కహేటేది గట్టి పుస్తకం. రెండూ చదవదలిస్తే ముందు ఆయన్ని చదవండి, పీట్‌ను తరవాత చదవండి.