పుణ్యపాపముల పద్దు: అద్భుతకథా వీడియో క్రీడలలో ధర్మనిర్ణయము

ఆటలో ధర్మమునకు చోటు గలదా యను ప్రశ్న క్రొత్తది కాదు. వైకుంఠ ఏకాదశినాటి జాగరణకు మన యిండ్లలో పరచు వైకుంఠపాళి ఆ ప్రశ్నకు పూర్వులు చెప్పిన సమాధానమే. పరమపద సోపాన పటమని దీనికి మరియొక పేరు. అట్టడుగు గడినుండి బయలుదేరిన కాయ సద్గుణముల పేళ్లుగల నిచ్చెనల నెక్కుచు, అసురుల పేళ్లుగల పాముల నోటబడి జారుచు, తుదకు వైకుంఠమును చేరవలెను. ఈ జాతి పటములే 19వ శతాబ్ది చివర ఇంగ్లండునకు పోయి, అచ్చట పాములు నిచ్చెనలు అను పిల్లల యాటగా మారినవి. అయితే ఈ పటమున నొక విచిత్రము గలదు. ఇందు ఆడువాడు ఎన్నుకొనునది ఏమియు లేదు. నిచ్చెన నెక్కుటయు, పాము నోటబడుటయు గవ్వల పాటును బట్టియే జరుగును. పటము ధర్మమును బోధించును గాని, దాని నాచరించు అవకాశమును ఆటగానికి ఈయదు.

ఆ యవకాశము నిచ్చుచున్నామని చెప్పుకొనుచు గడచిన నలువది యేండ్లలో మరియొక జాతి క్రీడలు బయలుదేరినవి. ఇవి కంప్యూటరుపై ఆడు అద్భుతకథా క్రీడలు. రోల్ ప్లేయింగ్ గేములని వీనికి వాడుక పేరు. రాజ్యములు, మాంత్రికులు, రాక్షసులు గల కల్పిత లోకమున ఆటగాడు ఒక వీరుని పాత్రను ధరించి, కథ నడుమ తటస్థించు సంకటములలో ఇది చేయుదునా, అది చేయుదునా యని తానే నిర్ణయించుకొనును. ఆ నిర్ణయమును బట్టి కథ మారును. తుంగభద్ర ఎడమగట్టు కాలువ పారిన పిదప కోస్తా జిల్లాలనుండి వచ్చి, రాయచూరు జిల్లాలో సింధనూరు, జవళగేర ప్రాంతముల క్యాంపులు కట్టుకొని స్థిరపడిన తెలుగు కుటుంబములలో తాతలు, నాయనమ్మలు వైకుంఠపాళి నెరుగుదురు. మనుమలు ఈ క్రీడల నెరుగుదురు. ఒకరి యాటను చూచి యొకరు ముక్కున వేలు వైచుకొందురు. ఈ రెండు తరముల యాటలను ఒకచోట నిలిపి, క్రొత్త క్రీడలలోని ధర్మనిర్ణయ పద్ధతుల గుణదోషములను విచారించుట యీ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఈ పద్ధతికి మూలము కంప్యూటరు కాదు, కాగితము. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు ప్రకటించిన డంజెన్స్ అండ్ డ్రాగన్స్ అను ఆటలో ప్రతి పాత్రకును ఒక శీలవిభాగము నిర్ణయింపబడినది. మొదట వ్యవస్థ, అవ్యవస్థ, వాని నడుమ తటస్థత యని మూడే విభాగములు. 1970ల చివరకు మంచి చెడ్డలును చేరి తొమ్మిది అయినవి. ఇచ్చట శీలమను చీటి ముందు, చర్య తరువాత. 1985లో రిచర్డ్ గారియట్ రచించిన అల్టిమా నాలుగవ భాగము ఈ వరుసను తలక్రిందులు చేసినది. దాని యుపనామములో అవతార శబ్దము గలదు. ఆ శబ్దము మనదే. ఇందు తుదకు చంపవలసిన ప్రతినాయకుడు లేడు. నిజాయితి, కరుణ, శౌర్యము, న్యాయము, త్యాగము, గౌరవము, ఆధ్యాత్మికత, వినయము అను ఎనిమిది గుణములయందు పరిపూర్ణుడగుటయే ఆట. ఆ లోకమున మూలిక లమ్మువారు గ్రుడ్డివారు. సొమ్ము లెక్కించి యిచ్చువాడు ఆటగాడే. తక్కువ యిచ్చినను వర్తకుడెరుగడు, ఆట మాత్రమెరుగును. ఎవ్వరును చూడనప్పుడు నీవెట్టివాడవు అను ప్రశ్నను యంత్రముచేత అడిగించిన రచన యిది.

ఇట్టి క్రీడలకు గల గుణములను ముందుగా ఒప్పుకొనవలెను. మొదటిది, ఇవి మనలను సాక్షి స్థానమునుండి కర్త స్థానమునకు దింపును. భారతమున ధర్మరాజు ద్రోణునియెదుట అశ్వత్థామ మరణమును గూర్చి పలికిన సందిగ్ధ వాక్యమును విని, మనము గట్టుమీద కూర్చుండి తీర్పు చెప్పుదుము. ఆ మాట పలుకవలసినవాడ వీవేయని క్రీడ మన చేతికి మీట నిచ్చినచో తీర్పు అంత సులభము కాదు. రెండవది, మంచి రచనలు మంచికిని చెడ్డకును కాక, మంచికిని మంచికిని నడుమ పోటీ పెట్టును. అల్టిమా ప్రారంభమున ఒక సోదెకత్తె రెండేసి గుణములను ఎదురెదురుగ నిలిపి, నిజము చెప్పుదువా, కరుణ చూపుదువా యను తీరున ప్రశ్నించును. దేనిని పట్టినను రెండవదానిని వదలవలెను. ధర్మసూక్ష్మమని మనవారన్నది దీనినే గదా.

ఇక దోషములు. వీనిలో మొదటిది పద్దు. కాలక్రమమున ఈ క్రీడలు పెక్కింటిలో పుణ్యపాపములకు అంకెలు, గీతలు ఏర్పడినవి. 2003లో వచ్చిన నైట్స్ ఆఫ్ ది ఓల్డ్ రిపబ్లిక్ అను అంతరిక్ష కథలో ప్రతి మంచి పనికిని వెలుగువైపునకు, ప్రతి చెడ్డ పనికిని చీకటివైపునకు లెక్క జమయగును. 2004 నాటి ఫేబుల్ అను క్రీడలో దుర్మార్గునకు తలపై కొమ్ములు మొలచును, సజ్జనునకు శిరస్సు చుట్టును కాంతివలయ మేర్పడును. ధర్మరాజు రథము నేలకు నాలుగంగుళముల పైన నడచుచుండి, ఆ యొక్క మాటతో నేలనంటినదను కథ మనకును గలదు గదా, ఇందు తప్పేమి యని యడుగవచ్చును. భేదము గలదు. ఆ రథము జీవితమున నొక్కమారు దిగినది. మరల లేచినట్లు కథ చెప్పదు. ఫేబుల్ లోని కొమ్ములు మంచిపనుల చేత మరల పోగొట్టుకొనదగినవి. అల్టిమాయందును ఈ లొసుగు లేకపోలేదు. బిచ్చగానికి ఒక్కొక్క నాణెమే పలుమారు వేసి కరుణను పెంచుకొనవచ్చును. అప్పుడు బిచ్చగాడు మనిషి కాడు, పుణ్యము చేదుకొను నూయి. అది దానము కాదు, వ్యాపారము.

రెండవ దోషము మొదటిదానినుండియే పుట్టును. 2007 నాటి మాస్ ఎఫెక్ట్ అను క్రీడలో ఒక వైపు లెక్క చాలినంత పేరినగాని కొన్ని మాటలు పలుకుటకు వీలులేదు. కావున ఆటగాడు మొదటి దినముననే నేను మంచివాడను, లేదా కఠినుడను అని తీర్మానించుకొని, ఆపై ప్రతి చోటను ఆ రంగు మాటనే నొక్కుచు పోవును. సందర్భమును బట్టి ఒకచోట మెత్తగాను, ఒకచోట గట్టిగాను ఉండు వివేకి యిందు నష్టపోవును. నూరు నిర్ణయములున్నట్లు కనబడును, నిజమునకు ఒక్కటియే. వైకుంఠపాళిలో గవ్వలు నడపినట్లు ఇచ్చట అలవాటు నడపును.

మూడవది, ఖర్చులేని ధర్మము. 2009 నాటి డ్రాగన్ ఏజ్ ఆరిజిన్స్ పుణ్యపాపముల పద్దును తీసివైచి, తోడివారి యభిమానమును కొలతగా పెట్టినది. ఒకని మెప్పించినచో మరియొకడు నొచ్చుకొనును. ఇది లోకస్వభావమునకు దగ్గర. (ఐనను కానుక లిచ్చి ఆ యభిమానమును కొనుటకు వీలుండుట లోపమే.) ఆ కథలో పిశాచ మావేశించిన యొక బాలుడు గలడు. వానిని చంపుటయా, వాని తల్లి ప్రాణమును బలియిచ్చి వానిని రక్షించుటయా యను ఘోర సంకటము ఏర్పడును. చదువరి గుండె ఒక్కక్షణ మాగును. అంతలో దూరముననున్న మాంత్రికుల సాయము తెచ్చుకొనవచ్చునను మూడవ దారి తెరచుకొనును. ఆ దారిని పోయి వచ్చులోపల ఊరికి గాని బాలునికి గాని ఏ హానియు కలుగదు. తల్లియు బ్రతుకును, బిడ్డయు బ్రతుకును. అట్లయినప్పుడు సంకటము కట్టుకథయే. హరిశ్చంద్రుని కథలో విశ్వామిత్రుడు మొదటి అంకముననే అప్పు మాఫీ చేసినట్లుండును.

నాలుగవది, వెనుకకు మరలు సౌకర్యము. క్రీడను ఒకచోట దాచుకొని, ఫలము నచ్చనిచో అచ్చటికే మరలి వేరుదారి పట్టవచ్చును. చేసినదానిని చేయనిదానినిగా మార్చుకొనగల లోకమున పశ్చాత్తాపమునకు తావు లేదు.

ఈ దోషముల నెరిగి సవరింప జూచిన రచనలును గలవు. పోలండు దేశీయులు రచించిన విచర్ అను క్రీడలు 2007 నుండి వచ్చినవి. వానిలో పుణ్యపాపముల పద్దు లేదు. 2015 నాటి మూడవ భాగమున ఒక చెట్టులో బంధింపబడిన భూతమును విడిపింతువా, చంపుదువా యను ఘట్టము గలదు. విడిపించినచో అది అనాథ శిశువులను కాపాడును; కాని సమీపగ్రామమును నాశము చేయును. చంపినచో గ్రామము నిలుచును, శిశువులు దక్కరు. ఈ ఫలము అప్పటికప్పుడు కనబడదు. ఆటగాడు పోయి పోయి పిమ్మట దానిని చూచును. అదే సంవత్సరమున టోబీ ఫాక్స్ రచించిన అండర్‌టేల్ మరియొక యడుగు వేసినది. అందు ఎవ్వరిని చంపకయే ఆట ముగింపవచ్చును. అందరిని చంపినవాడు మొదటికి మరలి, ఈమారు సాధువునై ఆడెదనన్నను, క్రీడ వాని పూర్వచరిత్రను మరవదు. ఆ మచ్చ తుది దృశ్యమున బయటపడును.

ఇచ్చట నొక ఆక్షేపణ రావచ్చును. ఫలమును దాచినచో ఆటగాడు మోసపోయితినని తలపడా? వైకుంఠపాళిలో పాము కనబడుచునే యుండును గదా? ఈ ఆక్షేపణలో నిజము గలదు. ఏ జాడయు నీయక, తోచిన ఫలమును నెత్తిన రుద్దు క్రీడ మరల గవ్వల యాటయే. కాని దాచవలసినది ఫలము లెక్కను, కారణములను కాదు. ఆ చెట్టులోని భూతము మాటలు నమ్మదగినవి కావను ననుమానమునకు కథలో ఆధారములు గలవు. శిశువుల యాపదయు తెలిసినదే. ఆలోచించువానికి సామగ్రి యంతయు ముందున్నది. ముందులేనిది అంకె యొక్కటియే. కావున నా మతమున ఉత్తమ పద్ధతికి లక్షణ మిది: కారణములు కనబడవలెను, ఫలము కూలిగా కనబడరాదు.

దీనికి గీటురాయి మనకు వెలుపల వెదకనక్కరలేదు. యక్షప్రశ్నల ఘట్టమున నలుగురు తమ్ములును పడియుండగా, ఒక్కనిని బ్రతికింతునని యక్షుడనును. ముందు యుద్ధము గలదు; గద గలవాడు భీముడు, గాండీవము గలవాడు అర్జునుడు. నేటి క్రీడాకారు డెవ్వడైనను అర్జునుని బ్రతికించుకొనును. వాని బలపు టంకె పెద్దది. ధర్మరాజు నకులుని గోరెను. కుంతికి తానొక్కడు మిగిలియున్నాడు, మాద్రికి ఒక్కడు మిగులవలెను. ఆ కోరికచేత అందరును బ్రతుకుదురని అతడెరుగడు. ఎరిగి కోరినచో అది ధర్మము కాకపోవును, లెక్క యగును. కథ రెండవమారు చదువు మనమందరము ఫలమెరిగినవారమే. మనము నకులుడని చెప్పుటలో గొప్ప లేదు. పద్దు చూపు క్రీడలన్నియు ఆటగానిని మొదటిమారే రెండవమారు చదువరినిగా చేయుచున్నవి. ఇదియే వాని మూలదోషము.

మరియొక లోపము మనకు కాలువ నేర్పును. తుంగభద్ర ఎడమగట్టు కాలువ ప్రధానముగ తక్కువ నీటితో పండు పైరులకై యుద్దేశింపబడినది. ఎగువన వరి పెరిగినకొలది చివరి ఆయకట్టునకు నీరందుట దుర్లభమైనది. ఇది మన ప్రాంతమున అందరెరిగినది. దీనిలో మనవారి పాలును గలదని ఒప్పుకొనుట న్యాయము. రాత్రివేళ తూము తలుపును జానెడెత్తినవాని తలపై కొమ్ములు మొలవవు. వాని పద్దులో ఏ యంకెయు తరుగదు. పైపెచ్చు వాని గాదె నిండును. ఫలము అనుభవించువాడు ఎన్నో మైళ్ల దిగువన, వాని ముఖమైన నెరుగని మరియొక రైతు. ఈ క్రీడలలో పెక్కుచోట్ల చేసినవాని ఫలము చేసినవానికే, చేసిన క్షణముననే తిరిగి వచ్చును. కావున వానిని ఆడి పెరిగిన పిల్లవాడు, నాకేమియు కాలేదు గనుక నేను తప్పు చేయలేదని తలచు ప్రమాదము గలదు. విచర్ లో ఎక్కడనో నశించిన గ్రామము ఈ సత్యమును కొంతవరకైనను పట్టుకొన్నది. అందుచేతనే ఆ ఘట్టము మనసున నిలుచును.

ఇంతమాత్రమున ఈ క్రీడలను ఇంటిలోనికి రానీయరాదని నే ననను. వైకుంఠపాళియు జూదపు గవ్వలతోనే ఆడిన యాట. దానిచేత చెడిపోయినవారు లేరు. ఆ పటముముందు పిల్లవాని ప్రక్కన నాయనమ్మ కూర్చుండి, ఆ పాము పేరేమి, అట్లేల పడితివి యని కథ చెప్పుచుండెను. బోధ పటములో కంటె ఆ మాటలలో నెక్కువగా నుండెను. నేటి యాటముందు పిల్లవా డొంటరి. పెద్దలు క్షణకాలము ప్రక్కన కూర్చుండి, ఎన్ని పాయింట్లు వచ్చినవని కాక, ఆ బాలుని ఏల వదలితివి, ఆ యూరివారు ఏమైరి యని యడిగినచో, యంత్రము వేయలేని ప్రశ్నను వారు వేసినవారగుదురు. హైదరాబాదు మొదలగు చోట్ల మన యువకులు ఇట్టి క్రీడలను స్వయముగ రచించు కాలము వచ్చినది. వారు కొమ్ములను, కాంతివలయములను అనుకరింపక, నకులుని గోరినవాని కథను ఒక్కమారు స్మరింతురుగాక యని నా ప్రార్థన.